మైకమ్మ గొంతు

పొద్దున్నే కాఫీ పెట్టి, ఇంట్లోవాళ్ళను పిలుద్దామని మైకమ్మ నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. తువ్వాళ్ళ మిల్లు గేటు దగ్గర రోజూ ఉపన్యాసాలిచ్చి ఇచ్చి గొంతు పోయింది. ఇప్పుడు గొంతే ఆవిడ గొంతెమ్మ కోరిక.

రాత్రి షిఫ్టులో తలుపులకు బయట తాళం వెయ్యొద్దన్నదే తగువు. ఓసారి లోపల పొగ కమ్మితే, ఊపిరాడక అందరూ కిటికీ ఊచలకు వేలాడారు. అప్పటినుంచీ పని మానేసి గేటు ముందు కూర్చుంటున్నారు. మైకమ్మ నియమం ఒక్కటే: చేతిలో ఏదీ ఉండకూడదు. గొడుగైనా సరే టీకొట్లో వదిలి రావాల్సిందే. తాళం వేసేవాళ్ళకు వంత పాడేవాళ్ళు ఎక్కడైనా ఉంటారుగా! నిన్న కాపలావాడు లాఠీ ఎత్తాడు. మైకమ్మను కట్టుకున్నవాడి తలకు కట్టు పడింది.

"నా తల గట్టిదేలే. పెళ్ళినాటి నుంచీ సాధన," అన్నాడు మిల్లులో బాయిలర్ నడిపే ఆ మొగుడు మంచం మీంచి. ఎవరికీ నవ్వే ఓపిక లేదు.

అదే మిల్లులో అంచులు కుట్టే కూతురు కత్తెరను చున్నీలో చుడుతోంది.

"నీ గొంతు పోయిందిగా, ఇవాళ నీ బదులు నేనే మాట్లాడతా. అందరినీ కత్తెరలు తెచ్చుకోమంటా."

"కత్తెర తీస్తే పోలీసులొస్తారు. తాళాలు అలాగే ఉంటాయే తల్లీ," తల్లి గుసగుసలాడింది.

"ఇంకెన్నాళ్ళమ్మా ఈ నీతులు? నాన్న తల పగిలినా నీకు చీమ కుట్టినట్టయినా లేదు. నీకు మొగుడికన్నా మైకే ఎక్కువ!"

ఫెళ్ళున చెంప మోగింది. మైకు లేకుండానే ఇల్లంతా వినిపించింది.

"గేటు దగ్గర ఇన్నాళ్ళూ ఆపుకున్న దెబ్బ ఇంట్లో కొట్టావటే?" అన్నాడు భర్త నీరసంగా.

కూతురు చెయ్యెత్తలేదు. చెంప కూడా తడుముకోలేదు. అలాగే చూస్తూ నిలబడింది. మైకమ్మ తన అరచేతిని పరాయివాళ్ళ వస్తువులా చూసుకుని గోడవారగా కూలబడింది. ఆ పిల్ల కత్తెర తీసుకుని వెళ్ళిపోయింది.

కాళ్ళీడ్చుకుంటూ మైకమ్మ గేటు చేరేసరికి కూతురు బల్లెక్కి ఉంది. ఆపడానికి గొంతు లేదు.

"పొద్దున మా అమ్మ నన్ను కొట్టింది," అంటోంది. జనం మొహాలు చూసుకున్నారు. "అవును, మన మైకమ్మే! నాకూ చెయ్యి లేవబోయింది. తిరిగి కొట్టుంటే అమ్మ నా చెయ్యి చూసేది. కొట్టలేదు కాబట్టి తన చెయ్యి తను చూసుకుంది. మనం కత్తెర తీస్తే ఊరంతా కత్తెర గురించే మాట్లాడుతుంది. తాళం సంగతి ఎవరడుగుతారు? అమ్మకు ఒక్క క్షణం పట్టింది. ఈ గేటుకు ఎన్నాళ్ళు పడుతుందో! నాకూ విసుగ్గానే ఉంది. అయినా కూర్చుందాం."

గేటు లోపల కాపలావాడు లాఠీని వెనక్కి పెట్టుకున్నాడు.

మైకమ్మ పక్కకు చూసింది. టీకొట్లో గొడుగుల మధ్య, చున్నీలో చుట్టిన కత్తెర.

బల్ల దిగొచ్చిన కూతురి చెంపను, కొట్టిన చేత్తోనే నిమిరింది. నొప్పిగా ఉందా అన్నట్టు పెదవులు కదిలాయి.

"ఉంది," అంది కూతురు, తల్లి పక్కనే చతికిలబడుతూ. "పొద్దున కాఫీ కూడా తాగనివ్వలేదు నువ్వు."

మైకమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆ నవ్వుకూ గొంతు లేదు.