తాడు చెప్పిన మాట

మిట్టమధ్యాహ్నం. టార్పన్ స్ప్రింగ్స్ రేవులో, సముద్రం అడుగు నుంచి కోసుకొచ్చిన స్పాంజీలు ఎండకి కుళ్లుతున్నాయి. కుళ్లితేనే పైతోలు ఊడి, సరుకు బయటపడుతుంది. ఆ కంపుకి ముక్కు మూసుకునేవాడు ఆ ఊరివాడు కాడు. సకెల్లారిస్ గ్రీకు దీవిలో పుట్టి, ముప్పై ఏళ్లుగా ఈ ఫ్లోరిడా సముద్రంలో మునిగి బతికినవాడు. ఆ కంపులోంచే నడిచివెళ్లి, రేవు చివరి రేకుల షెడ్డు తలుపు తన్నాడు.

లోపల దర్శకుడు డెన్‌బి ఒక్కడే కుర్చీలో ఉన్నాడు. వారం వారం టీవీలో వచ్చే సముద్ర సాహసాల సీరియల్ అతనిది. అందులో హీరో నీళ్లలో కాలు పెట్టడు. మునిగేది ఈ ఊరి స్పాంజివాళ్లు. మొహాన అద్దం, వీపున గాలి సీసా ఉంటే ఎవడైనా హీరోయే కదా! సకెల్లారిస్ తమ్ముడు థెమెలిస్ అలాగే హీరో అయి, ఐదు వారాల క్రితం కెమెరా ముందే చచ్చిపోయాడు.

"ఆ రీలు ఇటివ్వు," అన్నాడు సకెల్లారిస్.

ఇవ్వడట. గాలిగొట్టం తెగి హీరో గిలగిల్లాడే సీను శనివారం టీవీలో వెయ్యాలట. ఇంత సహజంగా ఎవడు నటిస్తాడని కంపెనీలో పైవాళ్లు మెచ్చుకున్నారట. ప్రాణం పోయే ముక్క కోసేస్తారట. మొహం కనబడదు కాబట్టి ఎవరికీ తెలియదట. ఎవరికీ! ఆ శనివారమే థెమెలిస్ పోయిన నలభయ్యో రోజు, వాళ్ల ఆచారంలో పెద్దకర్మ. వాడి పెళ్లాం కలోతినా, ఉడికించిన గోధుమలు చర్చిలో పంచి ఇంటికొచ్చి ఇది చూడాలి. మొగుడి చెయ్యి ఆమె గుర్తుపట్టదూ?

గొంతు పట్టుకుంటే నటన. నిజంగా గాలి అందకపోతే అరచేత్తో నెత్తి కొట్టుకోవాలి. అన్నదమ్ములు చేసుకున్న ఏర్పాటు అది. ఆ రోజు థెమెలిస్ నెత్తి కొట్టుకున్నాడు. కెమెరా పక్కన, నాలుగు బారల దూరంలో, కాపలా ఉన్న సకెల్లారిస్ చూశాడు. కదలబోయాడు. నడుముకున్న తాడు రెండుసార్లు లాగింది. రెండు లాగులంటే, అక్కడే ఉండు, అని. పైన పడవలో తాడు పట్టుకున్నది డెన్‌బి. తాడు కదలగానే, అన్న అడ్డం వస్తే సీను పాడవుతుందని లాగాడు. తాడు మాట జవదాటినవాడు నీళ్లలోంచి తిరిగి రాడని చిన్నప్పుడే తండ్రి నూరిపోశాడు. సకెల్లారిస్ ఆగాడు. గుండె పదిసార్లు కొట్టుకునేంతసేపు. అంతే చాలింది.

కలోతినాకి మాత్రం, దూరంగా ఉన్నానమ్మా, కనబడలేదు, అని చెప్పాడు.

"నేను లాగాను. నువ్వు ఆగావు," డెన్‌బి నవ్వాడు. "ముందు నీ మరదలికి ఆ సంగతి చెప్పిరా. తర్వాత నా మీద అరుద్దువుగాని. కూర్చో, తమ్ముణ్ణి చూసుకో."

పక్కనున్న ప్రొజెక్టరు మీట నొక్కాడు. యంత్రం టకటకమంది. తెర మీద బూడిదరంగు నీళ్లు. బుడగలు. థెమెలిస్ నెత్తి కొట్టుకున్నాడు. ఒకసారి... రెండుసార్లు... చెయ్యి దించి, కెమెరా వైపు తిరిగాడు.

ఆ రోజు అలా తిరగలేదు.

వాడి చేతిలో తాడుంది. ఆ రోజు వాడికి తాడే లేదు. అది నీళ్లలోంచి సూటిగా ఇటే వస్తోంది. తెర అంచు దగ్గర చీకట్లో కలిసిపోయింది.

యంత్రం ఆపడానికి డెన్‌బి లేచాడు. నడుము చుట్టూ చొక్కా లోపలికి నొక్కుకుంది. ఒక కుదుపు... ఇంకో కుదుపు. కుర్చీలో కూలబడ్డాడు.

"ఎవరది..." నడుము తడుముకున్నాడు. ఏమీ లేదు. ఎండకి కాలుతున్న రేకుల కింద చలి పుట్టింది. రేవు కంపు కాదు, మరేదో వాసన. వెలుగు చొరని లోతుల్లో ఉండే వాసన.

"లాగవయ్యా... నన్ను పైకి లాగు..."

డెన్‌బికి గాలి అందలేదు. అరచేత్తో నెత్తి కొట్టుకున్నాడు.

సకెల్లారిస్ రెండడుగుల దూరంలో ఉన్నాడు. చెయ్యి చాస్తే అందేవాడు.

"తాడు ఉండమంది," అన్నాడు. "ఉండు."

పది లెక్కపెట్టాడు.

డెన్‌బికి గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఒళ్లంతా ఎందుకు తడిసిందో అడగలేదు. రీలును సకెల్లారిస్ అప్పటికే రేవు వెనక తగలబెట్టాడు. ఇంకో నకలు కూడా లేదే అని కంపెనీవాళ్లు లబలబలాడారు. శనివారం పాత భాగమేదో వేస్తామన్నారు.

శనివారం చర్చి నుంచి వచ్చాక కలోతినా టీవీ పెట్టింది. సకెల్లారిస్ గోధుమలు నములుతూ కూర్చున్నాడు. తెర మీద బూడిదరంగు నీళ్లు. బుడగలు. నెత్తి కొట్టుకుంటున్న చెయ్యి. తను తగలబెట్టిన రీలే.

ఆమె ఏడవలేదు. తెర మీద వేలు పెట్టింది.

"బావగారూ, ఆయన వెనక నిలబడింది మీరేగా?"

చూశాడు. ఆ రోజు కెమెరా పక్కన ఉన్నవాడు ఇప్పుడు కెమెరా ముందున్నాడు. థెమెలిస్ వెనక, చేతులు వేలాడేసి, కదలకుండా... తనే.

"చూస్తూనే ఉన్నారుగా," నెమ్మదిగా అంది కలోతినా. "ఎందుకు రాలేదు?"

చెప్పేద్దామని లేవబోయాడు. నడుము చుట్టూ చొక్కా లోపలికి నొక్కుకుంది.

ఒక కుదుపు...

ఇంకొకటి.