తిరగబడ్డ జైరో

డైరెక్టర్ గోళ్ళు కత్తిరించుకుంటూ బ్రీఫింగ్ ఇస్తున్నాడు. కత్తిరించిన ప్రతి ముక్కా ‘అత్యంత రహస్యం’ అని ముద్ర వేసిన ఫైలు మీద పడుతోంది. ఆ ముక్కలు చూడలేక ఏజెంట్ ఉడుము గోడ మీది మ్యాప్ వైపు తిరిగాడు. మ్యాప్ మీద ఎవరో ముక్కు చీది తుడిచిన మరకలున్నాయి.

“వింటున్నావా?”

“వింటున్నాను సార్.”

“మన శాఖలో ద్రోహులున్నారు. వాళ్ళెవరో మీ మామయ్య కనిపెట్టాడు. రేపు సాయంత్రం నాలుగింటికి కమిటీ ముందు పేర్లు చెప్పబోతున్నాడు. ఆ సంగతి విదేశీ ముఠాకి తెలిసిపోయింది.”

టిక్కుమని ఇంకో గోరు ఎగిరి ఉడుము ఒళ్ళో పడింది. అతను దాన్ని రుమాలుతో తీసి, రుమాలుతో సహా చెత్తబుట్టలో వేశాడు.

మామయ్య అదే శాఖలో ముప్పై ఏళ్ళు సంకేత భాషలు విప్పి రిటైరైన మనిషి. ఏదీ కాగితం మీద పెట్టడు, అంతా బుర్రలోనే. అందుకే శాఖలో అందరూ ఆయన్ని నిఘంటువు అంటారు. తల్లి పోయాక ఉడుమును పెంచి, చదివించి, చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి మోడల్ హెలికాప్టర్లు బిగించడం నేర్పింది ఆయనే. మేనల్లుడు ఈ ఉద్యోగంలో చేరిన రోజున, “పనితెలిసిన చేతులురా అవి, గొంతులు పిసకడానికి కాదు” అని తలుపు వేసేసుకున్నాడు. ఆరేళ్ళుగా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

“రేపు పొద్దున మోడల్ హెలికాప్టర్ల ప్రదర్శన. మీ మామయ్య దానికి ముఖ్య అతిథి. ముఠా ఒక హెలికాప్టర్‌కి కెమెరా కట్టి, ఆయన ఎవరెవరితో మాట్లాడుతున్నాడో ఫొటోలు తీయబోతోంది. ఆ హెలికాప్టర్ తోక ఊగిపోతోందట. బాగుచేసే టెక్నీషియన్ కోసం వెతుకుతున్నారు. ఆ టెక్నీషియన్‌వి నువ్వే.”

“మామయ్యకి ఒక్క మాట చెప్తే...”

“చెప్పకూడదు. ఎగరనీ. ఫొటోలు తీయనీ. అప్పుడు సాక్ష్యంతో సహా పట్టుకుంటాం. ఇది ఆర్డర్.”

పెంచిన మనిషిని ఎరగా గుచ్చి గాలం వేయమంటున్నాడు. ఉడుముకు ఒళ్ళంతా కంపరమెత్తింది. అయినా సెల్యూట్ కొట్టాడు. బయటికొచ్చాక ఆ కొట్టిన చెయ్యి చూసుకుంటే అదీ రోతగానే ఉంది.

గూఢచారి ఉద్యోగమంటే సూటూ బూటూ అనుకునేవాళ్ళు ఒక్కసారి శాఖవారి మారువేషాల బీరువా తెరిచి చూడాలి. అతనికిచ్చిన గడ్డం అంతకుముందు ముగ్గురు ఏజెంట్లు పెట్టుకున్నది. దాంట్లో ఎవరిదో బిస్కెట్ పొడి ఇంకా అలాగే ఉంది. అంటించే జిగురు చచ్చిన చేప కంపు కొడుతోంది. వాచీలో దాచిన రేడియో చెవి దగ్గర పెడితే తడితడిగా తగిలింది. ఆ తడి ఏమిటని అడగడానికి ధైర్యం చాల్లేదు.

మధ్యాహ్నం పాత ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు ముందు ‘నెమలి’ అతనికోసం ఎదురుచూస్తోంది. ముఠాలో మన శాఖ మనిషి. మన శాఖలో ముఠా మనిషి కూడా తనేనని అందరికీ అనుమానం. ఆకుపచ్చ పట్టు గౌను, ఎర్రటి పెదాలు, మోచేతికి చిన్న హ్యాండ్‌బ్యాగు. ఆమె వేసుకున్న సెంటు ముందు వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది.

“మీ దగ్గర చల్లటి స్క్రూ ఉందా?” అంది కోడ్ ప్రకారం.

“ఉంది. కానీ తుప్పు పట్టింది.”

“ఛీ, ఈ కోడ్‌లు రాసేవాడెవడో కానీ!” అని ఆవులించి లోపలికి తీసుకెళ్ళింది.

గుమ్మంలోనే అతని వాచీ, బెల్టు, బూట్లు లాగేసుకున్నారు. శాఖతో తెగింది.

వెనక గదిలో బల్ల మీద హెలికాప్టర్ ఉంది, పొడుగు మనిషి చాచిన చెయ్యంత. పక్కనే ముఠా పైలట్ కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. మూడు దేశాల్లో పోటీలు గెలిచాడని అతన్ని ఛాంపియన్ అంటారు. ఎగరేయడం తప్ప హెలికాప్టర్ గురించి ఏమీ తెలియని ఛాంపియన్. పళ్ళు కుట్టుకున్న పుల్లతోనే లింకులకు గ్రీజు రాసినట్టున్నాడు, బల్ల మీది పుల్లలన్నీ నల్లగా ఉన్నాయి.

ఉడుము వంగి చూశాడు. ముక్కు కింద కెమెరా లేదు. సన్నటి ఉక్కు గొట్టం, దానిలో స్ప్రింగు, స్ప్రింగు ముందు సూది. సూది మొన మీద తేనె రంగులో ఏదో పూసి ఉంది. బల్ల కింద బూట్ల పెట్టె ఒకటి కంపు కొడుతోంది.

“ముట్టుకోకు. ఎలుకల మీద చూశాం. మూడు సెకన్లు,” అంది నెమలి, ఆ పెట్టెను కాలితో అవతలికి నెడుతూ.

ఫొటో కాదు, హత్య! మామయ్యకు ఎదురుగా వచ్చి, ముక్కు వంచి నమస్కారం పెట్టినట్టు గాల్లో నిలబడి, సూది వదులుతుంది. జనం చప్పట్లు కొడుతూ ఉంటారు. ముక్కు ఒక్క అంగుళం పక్కకు పోయినా సూది గురి తప్పుతుంది. అందుకే వీళ్ళకు తోక కదలకుండా కావాలి. అందుకే టెక్నీషియన్ కావాలి.

అతనికి వాంతి వచ్చినంత పనైంది. మింగుకుని స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. చేయనంటే ఇక్కడే ఎలుకల పక్కన పడేస్తారు, ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. చెడగొడదామంటే పొద్దున్నే టెస్ట్ ఫ్లయిట్ ఉంది. దొరికిపోతాడు.

“జైరో ఎక్కడ అంటించారు?”

“అదిగో, ఇంజను పక్కన,” అన్నాడు ఛాంపియన్.

“అక్కడ అదురు తప్ప ఇంకేం తెలుస్తుంది దానికి? పై రెక్క ఒకవైపు తిరిగితే ఒళ్ళు రెండోవైపు తిరగాలని చూస్తుంది. తోక ఫ్యాను దాన్ని ఆపుతుంది. ఎప్పుడు ఎంత ఆపాలో మన వేలికి తెలిసేలోపు పసిగట్టి చెప్పేది జైరో. దాన్ని తీసుకెళ్ళి పూనకం వచ్చినదాని పక్కన కూర్చోబెట్టారు.”

పాత టేపు పీకితే గోళ్ళ నిండా నల్లటి జిగురు. మెత్తటి స్పాంజి టేపుతో జైరోను తోక మొదట్లో అంటించాడు. బ్యాటరీ పెట్టి, హెలికాప్టర్‌ను ముట్టుకోకుండా చేతులు కట్టుకున్నాడు.

“ఏంటి, పూజా?” అన్నాడు ఛాంపియన్.

“కరెంటు ఇచ్చాక కాసేపు కదపకూడదు. నిలకడంటే ఏంటో అది అప్పుడే నేర్చుకుంటుంది. మీరు ఎత్తుకుని నడుస్తూ స్విచ్ వేసుంటారు.”

“రోజూ అంతే.”

ఛీ, అనుకున్నాడు ఉడుము. తోక ఫ్యానును లింకు కడ్డీతో లాగే చిన్న మోటారు సర్వో. దాని చెయ్యి కడ్డీకి నిలువుగా వచ్చేలా బిగించాడు. తోక చివరిదాకా వెళ్ళి తన్నుకోకుండా రెండువైపులా లిమిట్ పెట్టాడు. గెయిన్ నూటికి నూరు పెట్టి ఉంది. అంటే జైరో ప్రతి చిన్న కదలికకూ కంగారుపడి అతిగా సరిదిద్దుతుంది, మళ్ళీ దాన్ని సరిదిద్దుతుంది. తోక ఊగేది అందుకే. తగ్గిస్తూ తగ్గిస్తూ అరవై రెండు దగ్గర ఆపాడు. చివరికి ముక్కును చేత్తో ఎడమకు తిప్పాడు. తోక ఫ్యాను రెక్కలు వెంటనే కదిలి ముక్కును కుడికి లాగే వైపు ఒరిగాయి. దిశ సరిగ్గా ఉంది.

ఆ సాయంత్రం పెరట్లో ఎగరేస్తే ముక్కు మేకు కొట్టినట్టు నిలబడింది. ఇంత బాగా ఏనాడూ సెట్ చేయలేదు తను. హత్యకు కూడా ఈ చేతులు నాసిరకం పని చేయలేకపోయాయి.

“అబ్బ, ఏం చేశావయ్యా!” అని ఛాంపియన్ అతని వీపు మీద గ్రీజు చేత్తో తట్టాడు.

పొద్దున మైదానం పక్కన వ్యాను ఆగింది. టెస్ట్ ఫ్లయిట్ కూడా నిక్షేపంలా అయింది. సూది గొట్టం మీద ఇప్పుడు ఉత్తుత్తి కెమెరా తొడుగు ఉంది. బ్యాటరీ మార్చడానికి ఉడుము మూత తెరిచాడు. అతని నడుముకు నెమలి హ్యాండ్‌బ్యాగు ఆనుకుని ఉంది. అందులో గట్టిగా తగిలేది లిప్‌స్టిక్ కాదు. ఛాంపియన్ అద్దంలో క్రాపు సరిచేసుకుంటున్నాడు.

జైరో పక్కన చీమ తలంత స్విచ్, రివర్స్. ఉడుము బొటనవేలి గోటితో దాన్ని అటు నెట్టాడు.

రిమోట్ మీది స్టిక్కు తోయగానే తోక మామూలుగానే కదులుతుంది, ఆ స్విచ్‌కు దానితో పనిలేదు. అది మార్చేది జైరో బుద్ధిని. ఇప్పుడు ముక్కు ఎడమకు పోతే జైరో దాన్ని ఇంకా ఎడమకే తోస్తుంది. నేల వదిలిన క్షణంలో హెలికాప్టర్ బొంగరమైపోతుంది. ఛాంపియన్ ఎగరేసేముందు స్టిక్కు ఒక్కటే ఆడించి చూస్తాడు.

“చూశాను,” అంది నెమలి అతని చెవిలో.

ఉడుము బ్యాటరీ మార్చి మూత మూసేశాడు.

“చూడలేదనుకో. మీవాళ్ళు గెలిస్తే నేను చూసీ ఊరుకున్నానని నువ్వే సాక్ష్యం చెప్పాలి. అరిచావంటే మాత్రం కాలుస్తా. వీళ్ళు గెలవచ్చు కదా!”

గోడమీది పిల్లి కూడా ఎప్పుడో ఒకప్పుడు సిగ్గుపడి ఒకవైపు దూకుతుంది. ఈమెకు ఆ సిగ్గు కూడా లేదు.

షామియానా కింద వరసగా కుర్చీలు. మధ్యలో మామయ్య. బాగా నలిగిపోయాడు, మెడ సన్నబడింది. చివరి కుర్చీలో డైరెక్టర్, పర్యవేక్షణకు వచ్చానంటూ. ప్రదర్శన నడిపే క్లబ్బు సెక్రటరీ మైకులో గొంతు సవరించుకున్నాడు.

“ఈ ఏడాది భద్రతా తనిఖీ కూడా మన ముఖ్య అతిథిగారే స్వయంగా చేస్తానన్నారు!”

ఉడుము ఇది లెక్కలో వేసుకోలేదు. మామయ్య ప్రతి హెలికాప్టర్‌నూ చేతుల్లోకి తీసుకుంటాడు, ముక్కు తిప్పుతాడు, తోక చూస్తాడు. ఆ కంటికి రివర్స్ జైరో తప్పించుకోదు. చూసి ఊరుకునే మనిషీ కాదు. ‘ఇదిగో నాయనా, నీ స్విచ్ తిరగబడింది’ అని తన చావును తనే సరిచేసి, ఛాంపియన్ చేతిలో పెడతాడు.

మామయ్య వచ్చాడు. హెలికాప్టర్ ఎత్తాడు. ముక్కు ఎడమకు తిప్పాడు. తోక రెక్కలు తప్పు వైపు ఒరిగాయి. ఆయన ముఖం నోట్లో ఈగ పడ్డట్టు అయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే.

ఛాంపియన్ ఇదేమీ గమనించలేదు, జనం వైపు చెయ్యి ఊపుతున్నాడు.

మామయ్య కళ్ళద్దాలు పైకి తోసుకుని టేపు చూశాడు. సర్వో చెయ్యి చూశాడు. లింకును వేలితో కదిపాడు. చాలాసేపు చూశాడు.

“ఎవరయ్యా సెట్ చేసింది?”

“నేనేనండి,” అన్నాడు ఉడుము. నడుము దగ్గర హ్యాండ్‌బ్యాగు గట్టిగా ఒత్తుకుంది.

మామయ్య తలెత్తాడు. గడ్డం వైపు చూశాడు. గ్రీజు పట్టిన చేతుల వైపు అంతకంటే ఎక్కువసేపు చూశాడు.

“గెయిన్ ఎంత?”

“అరవై రెండండి.”

“అన్నీ సరిచూసుకున్నావా?”

“చూసుకున్నానండి. ఇందులో ఏదీ పొరపాటున జరగలేదండి.”

మామయ్య పెదవులు బిగించి, జేబులోంచి పచ్చటి ‘పాస్’ స్టిక్కర్ తీసి తోక మీద అంటించాడు.

“అందరూ వెనక్కి జరగండి. ఇంకా, ఇంకా వెనక్కి,” అని తన కుర్చీకి వెళ్ళి కూర్చున్నాడు.

ఛాంపియన్ స్టిక్కు ఆడించాడు. తోక వంగింది, సర్దుకుంది. నవ్వి థ్రాటిల్ పెంచాడు.

హెలికాప్టర్ జానెడు లేచిందో లేదో, గిర్రున తిరిగింది. ఛాంపియన్ ఎదురు స్టిక్కు నొక్కాడు. జైరో దానికి లొంగలేదు. ముక్కు జనం మీదుగా, షామియానా మీదుగా, మామయ్య గుండె మీదుగా మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. ఛాంపియన్ బొటనవేలు కంగారులో సూది వదిలే ట్రిగ్గర్ వెతుక్కుంది.

“సూది! సూది! పడుకోండి!”

ఆ అరిచింది డైరెక్టర్. అందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉంటే ఆయనొక్కడే బల్ల కింద దూరాడు. అదే క్షణంలో సూది వదిలింది. మామయ్య చెవి పక్కగా పోయి, వెనకున్న లౌడ్‌స్పీకర్ చెక్కలో దిగబడింది. హెలికాప్టర్ పక్కకు ఒరిగి, రెక్కలు విరుచుకుని గడ్డిలో పడింది.

మామయ్య లేచి, నిదానంగా వెళ్ళి బల్ల కిందికి వంగాడు.

“ఏ సూది సార్?”

“అదే... ఉడుము రిపోర్ట్ చేశాడు...”

“నేను చేయలేదు సార్,” అన్నాడు ఉడుము. “నాకు మీరు చెప్పింది కెమెరా అని. సూది సంగతి తెలిసేసరికి నా రేడియో నా దగ్గర లేదు.”

“నా లిస్టులో మీది మొదటి పేరు,” అన్నాడు మామయ్య. “కాస్త సందేహం ఉండేది. దాన్నీ మీరే తీర్చేశారు.”

బందోబస్తుకు వచ్చిన పోలీసులు డైరెక్టర్‌ను కాళ్ళు పట్టి బయటికి లాగారు. అటు చూస్తే నెమలి అప్పుడే ఛాంపియన్ చేతులకు బేడీలు వేసి, “శాఖ తరఫున నిన్ను అరెస్టు చేస్తున్నా” అంటోంది, ఎర్రటి పెదాలతో తీయగా నవ్వుతూ.

ఉడుము షామియానా వెనక్కి పరుగెత్తి, నిన్నట్నుంచీ మింగుకున్నదంతా కక్కేశాడు. గడ్డం పీకితే చర్మం కూడా లేచొచ్చింది. పక్కన ఎవరో నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డారు.

“కడుక్కో,” అన్నాడు మామయ్య.

“మామయ్యా, నువ్వు కనిపెడతావని తెలుసు. సరిచేసేస్తావేమోనని భయంతో చచ్చాను.”

“సరిచేద్దామనే చెయ్యి పెట్టాను. మిగతా పనంతా చూశాక ఆగిపోయాను. ఇంత చేసినవాడు అంత తప్పు కావాలని చేస్తే తప్ప చేయడు.” ఆయన సీసా అతని చేతిలో పెట్టాడు. “రేపట్నుంచి ఆ ఉద్యోగానికి వెళ్ళకు. ఇంటికి రా.”

ఉడుము తల ఊపాడు.

మామయ్య తన వేళ్ళకంటుకున్న స్టిక్కర్ జిగురును రోతగా చూసి, పంట్లానికి తుడుచుకున్నాడు.

“చావు తప్పింది, సంతోషమే. కానీ నా జన్మలో మొదటిసారి రివర్స్ జైరోకి పాస్ స్టిక్కర్ వేయించావు కదరా నాచేత! థూ!”