పసుపు కొమ్ములో తెల్లగీత

"పిండి పులిసింది."

ఫోన్‌లో ఆ రెండు ముక్కలే. ఉషారాణి గ్యాస్ కట్టేసి, క్వార్టర్‌కి తాళం వేసి బయల్దేరింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి ఆమె ఎక్స్‌రే టెక్నీషియన్. ఢిల్లీ ఫైళ్లలో ఏజెంట్ పదిహేడు. పిండి పులిసిందంటే సరుకు చేతులు మారిందని కోడ్.

ఊళ్లో తెలిపారా పేటలోని క్లినిక్‌లో చీఫ్ తిరుమలరావు డాక్టర్ కోటు వేసుకుని కూర్చున్నాడు.

"మన సర్కారీ మందుల ల్యాబ్‌లో పిన్ను పోయింది. అగ్గిపుల్లంత ఉంటుంది. విరిగిన ఎముకలో పెడితే తర్వాత దానంతటదే కరిగిపోయే రకం. మామూలుగా అలాంటివి ఎక్స్‌రేకి కనపడవు. లోపల జారినా డాక్టరుకు తెలీదు. మనవాళ్లు అయోడిన్ కలిపి దీన్ని కనపడేలా చేశారు. శాంపిల్ అదొక్కటే. విదేశీ ముఠా మనిషి పదకొండు గంటల బండి దగ్గర కాచుకుని ఉంటాడు."

"దొంగ?"

"ల్యాబ్ మనిషే. హెల్త్ క్యాంప్ అని చెప్పి అందరినీ ఎక్స్‌రేకి పిలిచాను. పదకొండుకల్లా దొరక్కపోతే తాళాలున్న కెమిస్టును తీసుకుపోతాం." గొంతు తగ్గించాడు. "మీ మరిది నాగేంద్ర."

ఉషారాణి ఏప్రన్ తొడుక్కుంది. తన చేతి అన్నం తిని పెరిగినవాడు.

నాగేంద్రకే మొదట తీసింది. ఏమీ లేదు. మళ్లీ నిలబెట్టి తీసింది. ఏమీ లేదు. అయినా అతన్ని తీసుకెళ్లి బయట జీపులో కూర్చోబెట్టారు.

ఆడవాళ్ల వంతు వచ్చింది. ల్యాబ్ ఊడ్చే చిన్నమ్మి పుస్తెలతాడు తీయనని మొరాయించింది. "బోసి మెడతో నిలబడమంటావేటమ్మా?" చివరికి పసుపుతాడుకు కొమ్ము కట్టి మెళ్లో వేసుకున్నాకే బంగారం తీసి ట్రేలో పెట్టింది. మిగతావాళ్లూ అంతే. పసుపు కొమ్ము ఎక్స్‌రేకి అడ్డం కాదు కనక ఉషారాణి అలాగే తీసింది.

ఆఖరున భానుప్రియ. తెలుగింటి కొత్త పెళ్లికూతురి వేషంలో, రిసెప్షనిస్టుగా డిపార్టుమెంటు ఆ ల్యాబ్‌లో పెట్టిన అందగత్తె. ఉషారాణికి కుడిభుజం. ఆమె కూడా గొలుసు తీసి, కొమ్ముతోనే వచ్చింది. మెషీన్ ముందుకు వెళ్లబోతూ ఆ కొమ్ము కూడా తీసి చేతికిచ్చింది.

"ఇదీ ట్రేలో పడెయ్యక్కా. అచ్ఛా, తొందరగా కానీ."

ఉషారాణి చెయ్యి ఆగింది. మెడ బోసిపోకూడదనే కదా కొమ్ము. ఎక్స్‌రేకి అడ్డం కాని దాన్ని ఎక్స్‌రే కోసం తీయడమేమిటి?

కొమ్మును ప్లేటు మీద పెట్టి బటన్ నొక్కింది. తెర మీద బూడిదరంగు నీడ. నీడ మధ్యలో సన్నటి తెల్లగీత.

భానుప్రియ బెంచీ మీది హ్యాండ్‌బ్యాగు అందుకోబోయింది.

"వద్దు భానూ. ఏప్రన్ చాటున నా పిస్టల్ నీ వైపే ఉంది. ఎన్నాళ్లుగా రెండు జీతాలు?"

భానుప్రియ నవ్వింది. "కొమ్ము కట్టడం నేర్పారు గానీ, ఎందుకు కడతారో చెప్పలేదక్కా."

పదకొండుకు రెండు నిమిషాలుండగా జీపులోంచి నాగేంద్రను దింపి, అదే సీట్లో ఆమెను కూర్చోబెట్టారు. స్టేషన్లో ముఠా మనిషి ఖాళీ చేతులతో దొరికిపోయాడు.

ఉషారాణి మరిదికి టీ ఇచ్చింది. అతను గ్లాసు వంకే చూస్తూ అడిగాడు.

"అందరికీ ఒక్కసారే తీసినావంట. నాకు రెండుసార్లు ఏటొదినా?"

"మొదటిసారి కదిలినావురా."

"నాను కదల్లేదొదినా," అన్నాడు నాగేంద్ర, టీ ఊదుకుంటూ.