మరపుచెవికి చెప్పని ముగింపు

తెరమీద మొదటి వాన చినుకు పడగానే హాల్లో జనం లేచి నిలబడ్డారు.

ఎవరూ ఈల వెయ్యలేదు, తిట్టలేదు. కాళ్ళతో చెప్పులు వెతుక్కుని, సంచులు భుజాన తగిలించుకుని, బ్యాంకులో పని ముగిసిన పెద్దమనుషుల్లా బయటికి నడిచారు. 2076 నాటి విశాఖపట్నంలో ఇది మామూలే. ప్రభుత్వ నిధితో తీసిన చిన్న సినిమా అంటే చివర్లో వాన రావాలి, అంతదాకా కొట్టుకున్నవాళ్ళంతా ఒక్క గొడుగు కిందికి చేరాలి. చినుకు పడగానే లేస్తే లిఫ్టు దగ్గర రద్దీ ఉండదు.

ఖాళీ అవుతున్న హాల్లో ఇద్దరే కూర్చుని ఉన్నారు. ఒకరు నీలవేణి, ఇరవయ్యేళ్ళుగా ఇతరుల సినిమాలకు సహాయ దర్శకురాలు. పక్కన కో-డైరెక్టర్ కామేశం, ఆవిడకు పని నేర్పిన మనిషి.

"చూశావా అమ్మాయ్! నలభై ఒకటో వాన" అన్నాడు కామేశం. "ఇదంతా ఆ చెవి పనే. నలభై ఒక్కమంది దగ్గర కథలు విన్నది. అందరి క్లైమాక్సులూ మింగేసి, అందరికీ ఒకే వాన అంటగట్టింది."

"వాళ్ళ అసలు క్లైమాక్సులు ఏమైనట్టు గురువుగారూ?"

"ఏమవుతాయి? పెద్ద కంపెనీలకు చేరతాయి. లోపల బేరాలు మనకు తెలుస్తాయా ఏం?"

నీలవేణి ఒళ్ళో సంచి సర్దుకుంది. అందులో చిన్న చిత్రాల నిధికి రాసిన దరఖాస్తు ఉంది. మొదటి సినిమా తీసేవాళ్ళకే ఆ నిధి, అదీ నలభై అయిదు నిండేలోపు. వచ్చే మార్చికి ఆమెకు నలభై అయిదు నిండుతాయి. ఈసారి రాకపోతే ఇక ఎప్పటికీ రాదు.

చెవి అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. వెనకటి రోజుల్లో ఈ నిధికి మనుషుల కమిటీ ఉండేది. మన సినిమావాళ్ళకు కాగితం మీద కథ ఇచ్చే అలవాటు ఎప్పుడూ తక్కువే. కథ చెప్పాలి. దర్శకుడు లేచి నిలబడి, అన్ని పాత్రలూ తానే వేసి, నోటితోనే వీణలూ డప్పులూ వాయించి, ఏడ్చి, ఏడిపించి కూర్చోవాలి. అలా కమిటీ ముందు ఏడ్చి వచ్చిన కథ ఆరునెలల తర్వాత ఇంకొకరి సినిమాలో కనిపించేది. నిజంగా దొంగతనమో, కాకతాళీయమో ఎవరూ తేల్చలేకపోయారు. అనుమానం మాత్రం ఊరంతా పాకింది.

అప్పుడు డాక్టర్ షమీమ్ అనే పదార్థ శాస్త్రవేత్త, కమిటీకి బదులు కథలు వినే మరపుచెవి అనే యంత్రాన్ని తయారుచేసింది. దాని గుండె ఒక గాజుబిళ్ళ, ఫేజ్ చేంజ్ గ్లాస్. దాన్ని వాడుకలో మైనపు గాజు అన్నారు. చల్లగా ఉన్నంతసేపూ విన్న కథ అందులో అణువుల అమరికగా నిలుస్తుంది. కథ విని, తీర్పు చెప్పగానే గాజు వేడెక్కి ఆ అమరిక కరిగిపోతుంది. కరిగిందాన్ని తిరిగి చదవడం ఎవరివల్లా కాదు, చేసిన షమీమ్ వల్ల కూడా. దీనివల్ల ఇంకో లాభం కలిగింది. మూడువందల కథలు విన్న కమిటీ సభ్యుడు "ఇలాంటివి చాలా చూశాంలేవయ్యా" అని ఆవులిస్తాడు. మరపుచెవికి మాత్రం ప్రతి కథా పుట్టాక విన్న మొదటి కథే.

ఇంతకన్నా నమ్మదగిన శ్రోత లోకంలో పుట్టలేదు. దాన్ని నమ్మినవాడూ ఒక్కడూ పుట్టలేదు.

"క్లైమాక్స్ చెప్పకు" అన్నాడు కామేశం, దరఖాస్తు ఇచ్చే రోజు కార్యాలయం మెట్లమీద. "కథంతా చెప్పు. చివరికి వచ్చేసరికి ఏదో ఒకటి అతికించు. దానికి వాన ఇష్టం కదా, వానే ఇచ్చెయ్."

"చెప్పిన కథే తియ్యాలని నిబంధన ఉందిగా?"

"ఉంటుంది. మరి నిజంగా మరిచిపోతే ఎలా పట్టుకుంటుంది? పట్టుకోగలిగితే మరిచిపోనట్టేగా! ఎటు చూసినా చెప్పకపోవడమే మంచిది."

ఆ తర్కంలో ఆమెకు తప్పు కనిపించలేదు. అనుమానంలో మునిగినవాళ్ళకు ఇలాంటి తర్కం చక్కగా ఒంటబడుతుంది.

గది చిన్నది. గోడలో ఇత్తడి జల్లెడలాంటి చెవి, దాని కింద గాజుకిటికీ, కిటికీ వెనక అరచేతిలో పట్టే నీలపు బిళ్ళ. నీలవేణి చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, నిలబడి కథ చెప్పింది.

అది ఆమె తల్లి శేషారత్నం కథ. శేషారత్నం డబ్బింగ్ కళాకారిణి. ఒక పెద్ద హీరోయిన్‌కు పద్దెనిమిదేళ్ళు గొంతు అరువిచ్చింది. ఒక్క సినిమాలోనూ తెరమీద పేరు పడలేదు. హీరోయిన్‌కు జలుబు చేస్తే అభిమానులు గుళ్ళో పూజలు చేయించేవారు. శేషారత్నానికి జలుబు చేస్తే ఆ రోజు కూలి పోయేది. నీలవేణి తల్లి గొంతులో మాట్లాడింది, తల్లిలాగే దగ్గింది, మైకు ముందు అరచేతిని చెవికి ఆనించి నిలబడింది. నీలపు బిళ్ళలో వెలుగు మెల్లగా కదులుతూ వచ్చింది.

అసలు చివర నిజంగా జరిగిన సంగతి. గొంతు పోయాక శేషారత్నం ఒకరోజు, తాను గొంతిచ్చిన పాత సినిమా మధ్యాహ్నం ఆటకు ఒంటరిగా వెళ్ళింది. తెరమీద హీరోయిన్ ఏడుస్తూ అంటుంది: "ఇల్లు నాది కాదన్నారు, బిడ్డ నాది కాదన్నారు. ఈ ఏడుపైనా నాది కానివ్వండి." ఆ మాటలు శేషారత్నం పెదాలమీద వాటంతటవే కదిలి, బొంగురుగా బయటికొచ్చాయి. పక్కసీటావిడ విసుక్కుంది. "కాస్త ఊరుకోండమ్మా, ఆ అమ్మాయి గొంతు విననివ్వండి." శేషారత్నం ఊరుకుంది. ఇంటికొచ్చి కూతురికి చెప్పి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఈ ఒక్క చోటు కోసమే నీలవేణి ఇరవయ్యేళ్ళు ఎండలో క్లాపు కొట్టింది.

ఆ చోటుకు రెండడుగుల దూరంలో ఆమె ఆగింది. ఇత్తడి జల్లెడకేసి చూసింది. దాని వెనక తీగలు ఎక్కడికి పోతున్నాయో అనుకుంది.

"అప్పుడు వాన మొదలవుతుంది" అంది. "హీరోయిన్ గొడుగు పట్టుకుని శేషారత్నం ఇంటికొస్తుంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడి ఏడుస్తారు. అంతే."

నీలపు బిళ్ళలో వెలుగు కదలడం ఆగింది.

"కథ చాలా బాగుంది" అంది మరపుచెవి. అది వయసు తెలియని నెమ్మదైన గొంతు. "వాన దగ్గర మీ ఊపిరి మారింది. చివర ఇదేనా?"

"ఇదే."

"నేను మరిచిపోతాను. దాచనక్కర్లేదు. చివర ఇదేనా?"

ఇంతగా ఎందుకు అడుగుతోంది? అనుకుంది నీలవేణి. మరిచిపోయేదానికి ఇంత ఆరాటం దేనికి?

"ఇదే అన్నానుగా."

"ఆఖరిసారి అడుగుతున్నాను. ఇదేనా?"

"ఇదే, ఇదే."

"నిధి మంజూరైంది" అంది మరపుచెవి. నీలపు బిళ్ళ వేడెక్కి తెల్లబడింది. కిటికీ కింద నుంచి పన్నెండు అంకెల కాగితం ఒకటి బయటికొచ్చింది. నీలవేణి దాన్ని రశీదనుకుని మడతపెట్టి పర్సులో పెట్టుకుంది.

పదినెలల్లో సినిమా పూర్తయింది. చివర తల్లి చివరే తీసింది. ఎడిటింగ్ గదిలో ఆ సీను చూసి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడని సౌండ్ ఇంజినీరు లేచి బయటికెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు. విడుదల అనుమతి కోసం సినిమాను నిధి కార్యాలయానికి పట్టుకెళ్ళినప్పుడు, గదిలో డాక్టర్ షమీమ్ స్వయంగా ఉంది. జుట్టంతా నెరిసింది, నిద్రచాలని ముఖం. ఇద్దరూ కలిసి మరపుచెవికి సినిమా చూపించారు.

"చాలా గొప్పగా ఉంది" అంది మరపుచెవి. "ముఖ్యంగా చివర. కానీ కథాముద్ర కలవలేదు."

"కథాముద్ర ఏమిటి?"

"మీకిచ్చిన పన్నెండు అంకెలు" అంది షమీమ్. "గాజు కరిగేముందు చెవి కథనుంచి ఒక సంఖ్య తీస్తుంది. వేలిముద్రలాంటిదమ్మా. వేలిముద్ర చూసి మనిషి మొహం గియ్యలేం. మనిషే ఎదురుగా వస్తే ఇది అతనిదో కాదో చెప్పగలం. మీరు చెప్పిన చివర వేరు, తీసిన చివర వేరు."

నీలవేణి మనసులో తాను తీసిన చివర మెదిలింది. ఆ రెండు సీట్ల సీను, ఆ విసుక్కున్న ఆవిడ, అమ్మ నవ్వు.

"ఈ చివర నాకు మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?" అంది మరపుచెవి. అందులో నేరం మోపే స్వరం లేదు.

"నీమీద అనుమానంతో."

"నేను మరిచిపోయాను. చివర ఇదేనా అని అడగలేదా?"

"అడిగావు" అంది నీలవేణి. "మూడుసార్లు అడిగావు."

షమీమ్ కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టింది. "ఇక్కడ నిలబడి ఇదే మాట విన్నవాళ్ళు మీకు ముందు నలభై ఒక్కమంది. అందరూ అసలు చివర దాచి, వాన చెప్పారు."

"అంటే వాన కావాలని చెవి అడగలేదా?"

"దానికి వానంటే ఏమిటో రేపటికి గుర్తుండదు. మొదటివాడెవరో వాన చెప్పాడు, నిధి వచ్చింది. రెండోవాడు అది చూసి తానూ వానే చెప్పాడు. దీనికేమో ప్రతి వానా మొదటి వానే, ప్రతిసారీ కరిగిపోయింది."

"మరి వాళ్ళెవరూ బయట చెప్పలేదేం?"

"దరఖాస్తులో అబద్ధం చెప్పామని ఎవరు ఒప్పుకుంటారు? మేం చెప్పి చూశాం, మమ్మల్నే అనుమానించారు." షమీమ్ కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. "మనుషుల్ని నమ్మలేక దీన్ని చేశాను. దీన్ని నమ్మాల్సింది కూడా ఆ మనుషులేనని అప్పుడు తోచలేదు."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"మీరు చెప్పిన వాన సీను తీసి, ఈ చివర బదులు పెడితే విడుదలవుతుంది. లేదా అబద్ధం చెప్పానని రాసిచ్చి నిధి రద్దు చేసుకోవచ్చు. మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, వయసుంటే."

వయసు లేదు. నీలవేణి కార్యాలయం మెట్లు దిగేసరికి కింద కామేశం ఎదురుచూస్తున్నాడు. చేతిలో నల్లగొడుగు. ఎండ మండిపోతోంది.

"రేపు మధ్యాహ్నానికి నీళ్ళ ట్యాంకరు చెప్పేశాను" అన్నాడు. "ఒక పూటలో అయిపోతుంది."

నీలవేణి ఆ గొడుగును గుర్తుపట్టింది. పిడి దగ్గర తెల్లదారంతో కుట్టిన కుట్టు. మొదటిదాన్నుంచి నలభై ఒక్క సినిమాల్లోనూ అదే గొడుగు.

"మీకు ముందే తెలుసు" అంది. "ఆ మొదటివారు మీరే. మొదటి వాన మీదే."

"నాదే" అన్నాడు కామేశం, సిగ్గుపడకుండా. "ఆ తర్వాత నాకు ఎవరూ సినిమా ఇవ్వలేదు. అయితేనేం? నా కథ నా దగ్గరే ఉంది. ఎవడూ ముట్టుకోలేకపోయాడు. నీదీ దక్కింది, సంతోషించు. ఆ సీను బీరువాలో దాచుకో, ఎప్పుడైనా పనికొస్తుంది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇరవయ్యేళ్ళ గౌరవం ఒక్క క్షణంలో పోయింది. అయినా ఒక్క ప్రశ్న మిగిలింది.

"గురువుగారూ, మీ అసలు క్లైమాక్స్ ఏమిటి?"

కామేశం గొడుగు చంకలోకి జరుపుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. కళ్ళు చిన్నవయ్యాయి.

"ఎందుకడుగుతున్నావ్?"

నీలవేణి నవ్వింది. ఏడవలేక నవ్వింది. ఆ ముసలాయన మీద కోపం పోయి జాలి పుట్టింది. ఇలా మాత్రం నేనెప్పటికీ కాకూడదనుకుంది.

మరుసటి రోజు ట్యాంకరు వచ్చింది. సినిమా విడుదలైంది.

మొదటిరోజు మధ్యాహ్నం ఆటకు నీలవేణి ఒంటరిగా వెళ్ళి మధ్య వరసలో కూర్చుంది. జనం బాగానే చూశారు. జలుబు సీనుకు నవ్వారు, కూలి పోయిన సీనుకు అయ్యో అన్నారు. తెరమీద మొదటి చినుకు పడగానే లేచి నిలబడి, చెప్పులు వెతుక్కుని, బయటికి నడిచారు.

తెరమీద నల్లగొడుగు విచ్చుకుంది. నీలవేణి దానికేసి చూడలేదు. ఆమె కళ్ళముందు వేరే సీను నడుస్తోంది, బీరువాలో ఉన్న సీను. పెదాలు వాటంతటవే కదిలాయి. "ఇల్లు నాది కాదన్నారు, బిడ్డ నాది కాదన్నారు. ఈ ఏడుపైనా నాది కానివ్వండి."

పక్కసీటులో ఒకావిడ లేవకుండా కూర్చునే ఉంది. సాదా నేతచీర, ఒళ్ళో టిఫిన్ డబ్బా. ఆవిడ ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఎంత మంచి మాటమ్మా! ఈ సినిమాకి చివర అదే అయితే ఎంత బాగుండేదో. ఎక్కడిదది? మిగతాది కూడా చెప్పవూ?"

హాలు ఖాళీ. వినేందుకు ఒక మనిషి, అదీ తడికళ్ళతో అడుగుతున్న మనిషి. ఇరవయ్యేళ్ళుగా నీలవేణి ఎదురుచూసింది ఈ ప్రశ్న కోసమే. చెబుదామని నోరు తెరిచింది. ఈలోగా ఆవిడ ఒళ్ళో ఉన్న డబ్బాకేసి, భుజాన ఉన్న సంచికేసి ఆమె చూపు పోయింది.

"ఎందుకడుగుతున్నారు?" అంది.

ఆవిడ తెల్లబోయింది. టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుని, లేచి వెళ్ళిపోయింది. తెరమీద వాన ఇంకా పడుతూనే ఉంది.