పెట్టె మీద కాటుక

మంగళగిరిలోని ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది మగ్గం. దుర్గాశంకర్ గుంటలోకి దిగి నాలుగు పోగులు వేసేసరికి, వంటింట్లో అతని భార్య రేణుక స్టవ్ వెలిగిస్తుంది. ఆ రోజూ అంతే. పాలు పొంగాయి, ఇడ్లీలు ఉడికాయి. నాలుగేళ్ల లహరి మాత్రం నోరు తెరవలేదు.

“ఒక్క ముక్క, బంగారూ. తినకపోతే కాకికి పెట్టేస్తా మరి.”

“పెట్టెయ్,” అంది లహరి.

రేణుకకు నవ్వు రాలేదు. పిల్ల తినకపోతే బెంగ, తింటే అరిగిందో లేదోనని బెంగ, ఎవరైనా ‘భలే ముద్దుగా ఉందే’ అంటే ఇంకా పెద్ద బెంగ. పదో తరగతితోనే చదువు ఆగిపోయింది. అప్పటినుంచి ఇల్లే ఆమె లోకం. అందుకేనేమో, ఇంట్లో ఎక్కడ ఏ గిన్నె జారినా తన చేతిలోంచే జారినట్టు ఉలిక్కిపడేది.

ముందు గదిలో తోడికోడలు రాజ్యశ్రీ కాఫీ గ్లాసు పట్టుకుని గోడకెదురుగా కూర్చుని ఉంది. ఆ గోడ నిండా ఆమె అంటించిన కాగితాలే. అగ్గిపెట్టె బొమ్మలు, చిరిగిన పెళ్లి శుభలేఖ అంచు, సబ్బు రేపరు, లహరి గీసిన పిచ్చిగీతలు. కాఫీ చల్లారిపోయింది.

“అమ్మాయ్, గోడేమైనా చెప్పిందా ఇవాళ?” వాకిట్లోంచి వస్తూ అడిగింది అత్తగారు రావమ్మ.

“ఇంకా లేదత్తయ్యా. కాస్త మీరడిగి చూడండి.”

“నేను ఇన్నాళ్లూ నీకు చెప్పింది ఆ గోడకి చెప్పినా ఈపాటికి వినేది. ఆఫీసులోనూ ఇంతేనా? గోడ చూస్తే జీతమిస్తారా అక్కడ?”

“చూసినందుకు కాదత్తయ్యా, కనిపించినందుకు ఇస్తారు.”

రాజ్యశ్రీ విజయవాడ మొగల్రాజపురంలో ఒక డిజైన్ ఏజెన్సీలో పనిచేస్తోంది. పెట్టెల మీద, సంచుల మీద, దుకాణాల బోర్డుల మీద ఏముండాలో ఆలోచించి గీసే పని. భర్త రాంబాబు తెనాలిలో ఉద్యోగం చేస్తూ వారానికోసారి ఇంటికొస్తాడు. కోడలు రోజూ దీపాలు పెట్టాక బస్సు దిగి రావడం రావమ్మకు నచ్చదు. “పెద్దాడు చీర నేస్తే మడతపెట్టి చేతిలో పెడతాడు. నువ్వు చేసిందేదీ, చూపించు?” అనేది.

ఇప్పుడు చేస్తున్నది మైలవరం ఆడవాళ్ల పని. అక్కడ మాణిక్యమ్మ అనే ఆవిడ తోటివాళ్లను కూడగట్టి చంటిపిల్లలకు రాగిపిండి తయారుచేస్తోంది. ఆ పిండికి ఒక పెట్టె కావాలి. రాజ్యశ్రీ చేసిన మొదటి పెట్టె చూసి “బాగుంది గానీ” అన్నారు. రెండోది చూసి ఆ ‘గానీ’ కూడా అనకుండా వెళ్లిపోయారు. ఆ రాత్రి అత్తాకోడళ్లకు మాటామాటా పెరిగింది. చివరికి రాజ్యశ్రీయే విసిగిపోయి, “ఈసారి కూడా కాదంటే ఉద్యోగం మానేస్తానత్తయ్యా, సరేనా!” అనేసింది. రావమ్మ ఆ మాటను కొంగున ముడేసుకుంది.

ఆ మూడో పెట్టె చూపించాల్సిన రోజు ఇదే.

రేణుక పైకి అనేది కాదు గానీ, రాజ్యశ్రీ పనిచేస్తుంటే చూడటం ఆమెకు చెప్పలేనంత ఇష్టం. ఒకే గీతను మళ్లీ మళ్లీ గీస్తుంది. బాగుందనిపించినదాన్ని కూడా పక్కన పడేసి ఇంకోటి మొదలుపెడుతుంది. అంత ఓపిక ఎక్కడిది ఈ పిల్లకి అనుకునేది. పోయిన వారం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ రాజ్యశ్రీ ఉన్నట్టుండి అడిగింది.

“అక్కా, లహరికి తినిపించేటప్పుడు నువ్వు ఎటు చూస్తావు?”

“నోటివైపు. కాదు కాదు, బుగ్గవైపు. ముద్ద లోపలికెళ్తే బుగ్గ ఉబ్బుతుందిగా. అది చూశాకే నాకు ఊపిరాడేది.”

రాజ్యశ్రీ చేతిలోని ఉల్లిపాయ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆ పూట కూర రేణుకే చేసుకుంది.

ఈ పొద్దున రాజ్యశ్రీ స్నానానికి వెళ్లింది. రేణుక లహరికి తలదువ్వి, పౌడరు రాసి, ఆముదం దీపానికి పట్టిన ఇంటి కాటుక భరిణె తీసి బుగ్గన చుక్క పెట్టింది. వేలికి ఇంకాస్త కాటుక మిగిలింది. చెయ్యి కడుక్కుందామని లేచేసరికి బల్లమీద పెట్టె కనిపించింది.

తెల్లటి పెట్టె. దానిమీద రాగిపిండి రంగులో ఒక పెద్ద ఒంపు. అంతే. కళ్లు లేవు, ముక్కు లేదు. కానీ ఆ ఒంపు ఏమిటో రేణుకకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పుడే ముద్ద లోపలికెళ్లిన లహరి బుగ్గ! నిండుగా, కొద్దిగా పక్కకు తిరిగి, ఇంకో క్షణంలో నవ్వబోతున్నట్టు.

ఎంత ముద్దొచ్చిందో! ఆమె చెయ్యి ఆమెను అడగలేదు. రోజూ వెళ్లే చోటికే వేలు వెళ్లింది.

బుగ్గమీద నల్లటి చుక్క పడింది.

ఏం చేసిందో అప్పుడు తెలిసింది. కొంగుతో తుడవబోయింది.

“తుడవద్దక్కా!”

తలనిండా నీళ్లతో రాజ్యశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది. అప్పటికే ఆముదం కాగితంలోకి ఇంకి, చుక్క చుట్టూ లేత పసుపు వలయం కట్టింది.

కేకకు రావమ్మ పరుగెత్తుకొచ్చింది. పెట్టెను, పక్కనే భరిణెతో ఆడుతున్న లహరిని చూసింది. “ఏమే, పిల్లవా పిశాచానివా? పిన్ని వారం రోజులు కూర్చుని చేసిందాన్ని...” అంటూ చెయ్యెత్తింది. లహరి బావురుమంది.

“పిల్లనేం అనకండత్తయ్యా. నేనే,” అంది రేణుక.

ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది.

“నువ్వా?” అంది రాజ్యశ్రీ. “అత్తయ్యకి నా పని ఇష్టం లేదు, సరే. నువ్వు కూడానా అక్కా? ఎందుకు చేశావు?”

“చూడగానే ముద్దొచ్చింది రాజీ. నా కళ్లే తగులుతాయేమోనని...”

“కాగితానికి దిష్టేంటక్కా!”

“కంప్యూటర్లో బొమ్మ ఉంటుందిగా? ఇంకోటి...”

“బొమ్మ ఉంటుంది. పెట్టె ఉండదు. కొనేవాళ్లు చేత్తో పట్టుకునేది పెట్టెని, అందుకే చేత్తో చేసి చేతిలోనే పెట్టాలంటారు మా ఆఫీసులో హన్నా మేడం. ఈ కాగితం ఊళ్లో దొరకదు. పదకొండింటికి మైలవరం వాళ్లొచ్చేస్తారు.”

రావమ్మ మెల్లగా మంచం మీద కూర్చుంది. “పోనీలే అమ్మాయ్. మానేస్తే ఇంటిపట్టున ఉంటావు. ఆ చుక్క దేవుడే పెట్టించాడేమో.”

రాజ్యశ్రీ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. పెట్టెను గుడ్డసంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంది. మగ్గం దగ్గర్నుంచి దుర్గాశంకర్ గొంతు వినిపించింది. “అమ్మా, ఇక ఊరుకో. చేసిన పని చెడితే ఎట్టా ఉంటుందో మనింట్లో తెలియనిదెవరికి?”

రేణుక లహరిని చంకనేసుకుంది.

“నువ్వెక్కడికే?”

“తప్పు నాది అత్తయ్యా. వాళ్ల మేడంతో నేనే చెప్తాను. మాట పడాల్సింది నేను.”

బస్సులో లహరి తల్లి భుజం మీద నిద్రపోయింది. వారధి ఎక్కేసరికి కృష్ణ మీది గాలి కిటికీలోంచి కొట్టింది. రాజ్యశ్రీ ఒళ్లోని పెట్టెను బయటకు తీసింది. దాన్ని చూసింది, లహరి బుగ్గను చూసింది, మళ్లీ పెట్టెను చూసింది. రేణుక ఓరకంట గమనించింది. ఆ చూపు ఆమెకు తెలుసు. పొద్దున్నే గోడముందు కాఫీ చల్లార్చుకునే చూపు. ఏదో అడగబోయి ఆగిపోయింది. అలా చూస్తున్నప్పుడు పలకరించకూడదని ఇన్నాళ్లలో నేర్చుకుంది.

ఆఫీసు మేడమీద ఉంది. పెద్ద యంత్రాలేవో ఉంటాయనుకున్న రేణుకకు అక్కడా గోడలే కనిపించాయి. గోడల నిండా కాగితాలు, గుడ్డపేలికలు, ఎండుటాకులు. ఆసిమ్ అనే అతను నేలమీద పరిచిన కాగితంపై ‘క’ ఒక్కటే రాసుకుంటూ పోతున్నాడు. ఒకటి లావుగా, ఒకటి బక్కగా, ఒకటి నడుం వంచుకుని. ఇంకో అమ్మాయి కళ్లు మూసుకుని కూర్చుంది. ఆమెను ఎవరూ లేపడం లేదు. ఇంట్లో గోడ చూసే మనిషి ఒక్కతే, ఇక్కడ అందరూ అంతే! రేణుకకు ఎందుకో గుడిలోకి వచ్చినట్టు చెప్పులు విప్పాలనిపించింది. విప్పింది కూడా.

నెరిసిన జుట్టుతో హన్నా మేడం ఎదురొచ్చారు.

“మేడం, నేను రాజ్యశ్రీ తోడికోడల్నండి. తప్పు నాదండి. తనని పనిలోంచి తీయకండి.” ఒక్క ఊపిరిలో చెప్పేసింది రేణుక.

హన్నా పెట్టెను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. “వాళ్లు కింద ఆటో దిగుతున్నారు రాజ్యశ్రీ. చుక్కలేని బొమ్మ కంప్యూటర్లో చూపిద్దామా? కాదంటే క్షమాపణ చెప్పి, వారం అడుగుదామా?”

వారం దొరికితే ఇంట్లో ఆ వారం ఎలా గడుస్తుందో రేణుకకు తెలుసు. కంప్యూటర్లో బొమ్మకే ఒప్పుకోమన్నట్టు రాజ్యశ్రీ వైపు చూసింది.

“ఇదే చూపిస్తాను మేడం.”

“పొరపాటున పడిందని చెప్తావా?”

“చెప్పను. వద్దనుకుంటే ఇప్పుడే పక్కన పడేసేదాన్ని. పడింది పొరపాటున. ఉంచుతున్నది నేను.”

మాణిక్యమ్మ ఇద్దరు ఆడవాళ్లతో వచ్చి కూర్చుంది. మంచినీళ్లు తాగింది. పెట్టె ఆమె చేతిలో పెట్టారు. రాజ్యశ్రీ ఏమీ వివరించలేదు. రేణుక గుమ్మం దగ్గర పిల్లను గట్టిగా పట్టుకుని నిలబడింది. అయిపోయింది, నావల్లే అయిపోయింది అనుకుంది.

మాణిక్యమ్మ బొటనవేలితో ఆ చుక్కను తడిమింది.

పక్కావిడ వంగి చూసి, “ఎవరి పిల్లే ఇది? భలే ఉంది,” అంది.

“పోయినసారి బొమ్మల్లోనూ పిల్లలున్నారమ్మా,” అంది మాణిక్యమ్మ రాజ్యశ్రీతో. “నవ్వుతా, తెల్లగా, చక్కగానే ఉన్నారు. కానీ వాళ్లని టీవీలో చూస్తాం, ఎత్తుకోం. ఈ పిల్లకి ఒక అమ్మ ఉందని తెలుస్తా ఉంది.” పెట్టెను తిప్పింది. “ఈ నూనె మరక కూడా అచ్చులో వస్తుందా?”

“వస్తుందండీ. అది లేకపోతే అది కాటుక కాదు, ఇంకు,” అంది రాజ్యశ్రీ.

మాణిక్యమ్మ నవ్వింది. పెట్టెను తన సంచిలో పెట్టేసుకోబోతుంటే హన్నా గారు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. “ఇదొక్కటే ఉందమ్మా, మాకివ్వండి!”

రేణుక బయట మెట్లమీద కూర్చుని ఏడుస్తుంటే రాజ్యశ్రీ వచ్చి పక్కన కూర్చుంది.

“పొద్దున నిన్ను అనరాని మాట అన్నానక్కా.”

“అనాల్సిందే అన్నావు.”

“కాదు. వారం రోజులు ఒంపు గీశాను. బాగుందనిపించింది గానీ ఏదో లేదు. ఏం లేదో నాకు అంతుపట్టలేదు. బస్సులో లహరిని చూశాక తెలిసింది. నేను బుగ్గ గీశానంతే. దాన్ని పిల్లని చేసింది నువ్వు.”

రేణుక కళ్లు తుడుచుకుని తల అడ్డంగా ఊపింది. “అలా కాదు రాజీ. నా చెయ్యి అలవాటుకొద్దీ వెళ్లింది. పాడైందని నేను ఏడుస్తూ కూర్చున్నాను. నువ్వు దాన్నే కళ్లారా చూసి, కావాలన్నావు. ఇంట్లో ఇచ్చిన మాట ఉందని తెలిసి కూడా సులువుగా తప్పించుకోలేదు. చుక్క ఎవరైనా పెడతారు. దాన్ని ఉంచడమే నీ పని. ఇన్నాళ్లూ నువ్వు గోడలో ఏం చూస్తావో నాకు తెలిసేది కాదు. ఇవాళ తెలిసింది.”

రాజ్యశ్రీ ఆమె భుజం మీద తల ఆనించింది. ఒళ్లో నిద్రలేచిన లహరి ఇద్దర్నీ చూసి, “ఆకలి,” అంది. ఇద్దరూ ఒక్కసారి నవ్వారు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి రావమ్మ గుమ్మంలోనే ఉంది. కోడళ్ల మొహాలు చూసింది. సంచి అందుకుని పెట్టె బయటకు తీసి, కళ్లజోడు పెట్టుకుంది.

“ఇది మన లహరే కదే?”

“అవునత్తయ్యా.”

“ఇది నువ్వే చేశావా? అంతా చేత్తోనేనా?”

“అంతా చేత్తోనే. రేపు మళ్లీ మేడంకి ఇచ్చేయాలి. మీకు చూపిద్దామని అడిగి తెచ్చాను. చేసిందేదీ అంటారుగా.”

రావమ్మ వేలు ఆ ఒంపు వెంట నెమ్మదిగా వెళ్లింది. ఆఖర్న చుక్క దగ్గర ఆగింది. కాసేపటికి లోపలికి వెళ్లి గుప్పెట్లో ఉప్పు పట్టుకుని వచ్చింది. రేణుక అలవాటుగా లహరిని ముందుకు తోసింది.

“పిల్లకి కాదు. దీనికి,” అంటూ రాజ్యశ్రీని గోడముందు కూర్చోబెట్టింది. “ఎంతమంది కళ్లు పడ్డాయో ఇవాళ. రేపు బజారంతా చూస్తుంది.” ఉప్పు తిప్పింది. తర్వాత కాటుక భరిణె తీసి, చిన్నగా మూలుగుతూ కింద కూర్చుని, కోడలి పాదం ఒళ్లోకి లాక్కుని అరికాల్లో చుక్క పెట్టింది. “రేపు బస్సు ఎన్నింటికే? నీ టిఫినుకి రాత్రే పప్పు నానబోస్తాను.”

రాజ్యశ్రీ కాలు వెనక్కి తీసుకుని, గోడముందు అత్తగారికి చోటిచ్చింది.

రేణుక రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. రావమ్మ ఒకటి అందుకుంది గానీ లేవలేదు. ఎదురుగా గోడ. అగ్గిపెట్టె బొమ్మలు, శుభలేఖ అంచు, లహరి పిచ్చిగీతలు. చాలాసేపు వాటినే చూసింది.

“నాకేం కనబట్టంలేదే అమ్మాయ్,” అంది చివరికి.

“ఇంకాసేపు కూర్చోండత్తయ్యా,” అంది రాజ్యశ్రీ.

ఇద్దరి చేతుల్లోనూ కాఫీ చల్లారిపోతోంది. రేణుక చూసింది. పలకరించకుండా, చప్పుడు చేయకుండా, వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లిపోయింది.