పదకొండో నంబరుకు జామీను

విజయశ్రీకి ఇరవై ఆరేళ్లు. ఆ వయసు పిల్లను వెనక నుంచి చూసి, "ఆంటీ, కొంచెం జరుగుతారా?" అని అడిగితే ఏమవుతుందో తేజేష్‌కు ఆ రోజు దాకా ఎవరూ చెప్పలేదు.

నాచారంలో చిట్టీలు నడిపే లక్ష్మీనర్సమ్మ మేడ మీద అది చిట్టి పాట జరిగే ఆదివారం. రెండు లక్షల చిట్టి, ఇరవై మంది సభ్యులు, తలా నెలకు పదివేలు. డబ్బు అవసరమున్నవాళ్లు పాటలో పోటీ పడతారు. ఎవరు ఎక్కువ నష్టానికి ఒప్పుకుంటే ఆ నెల చిట్టి వాళ్లది. ఆ నష్టాన్ని అందరికీ లాభంగా పంచుతారు. అందుకే అవసరం లేనివాళ్లు కూడా టీ తాగుతూ పాట వినడానికి వస్తారు.

విజయశ్రీ కూడా వినడానికే వచ్చింది. ఉప్పల్‌లో వాళ్ల ఇంటి ముందుగదిలోనే ఆమెకు మగ్గం వర్క్ దుకాణం. పెళ్లి జాకెట్ల గిరాకీ పెరిగిందని ఎంబ్రాయిడరీ మిషన్ కొంది, దానికి ఫైనాన్స్‌లో అప్పు చేసింది. చలికాలంలో ముహూర్తాలు మొదలయ్యేలోపు చిట్టి ఎత్తి, ఆ అప్పు ఒక్కసారే తీర్చేయాలని ఆమె ఆలోచన. అప్పటి దాకా నోరు మూసుకుని కూర్చోవడమే పని.

మెట్లకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్న మాట నిజమే. కానీ ఆంటీ అంటాడా?

ఆమె తిరిగి చూసింది. తెల్లటి బూట్లు, చెవుల్లో ఇయర్‌బడ్స్, చేతిలో పలక అంత ఫోను. అతను కంగారుపడి, "సారీ అండి, వెనక నుంచి తెలియలేదు" అన్నాడు. అంటే ముందు నుంచి తెలుస్తోందని అర్థమా, లేదా అన్న సందేహం ఆమెను ఇంకా మండించింది.

పాట మొదలైంది. రిటైరైన చిదంబరంగారు ఇరవై వేల దగ్గర ఆగిపోయారు. తేజేష్ ఇరవై రెండు అన్నాడు. లక్ష్మీనర్సమ్మ మూడోసారి అనబోతుండగా విజయశ్రీ తాపీగా చెయ్యెత్తి ఇరవై అయిదు అంది.

అతను ముప్పై అన్నాడు. ఆమె ముప్పై మూడు అంది. మేడ మీద అందరూ టీ గ్లాసులు కింద పెట్టి సర్దుకుని కూర్చున్నారు. అతను ఎంత అంటే దాని మీద ఇంకొంత వేస్తూ పోయింది. ఈ బూట్లవాడు ఇంకో ఫోన్ కొనుక్కోవడానికే వచ్చి ఉంటాడు, కొంచెం చెయ్యి కాలనీ అనుకుంది. తను నలభై ఎనిమిది అన్నాక మాత్రం ఆమె నాలుక కరుచుకుంది. అతను అక్కడే ఆగిపోతే ఆ నష్టం తన నెత్తిన పడుతుంది. అతను ఆగలేదు. కళ్లు మూసుకుని యాభై అన్నాడు.

అందరికీ మంచి లాభం వచ్చింది. చిదంబరంగారైతే ఇంకో టీ అడిగారు.

కిందికి దిగేటప్పుడు విజయశ్రీ గెలిచినట్టు దిగింది. వీధి గుమ్మం దగ్గర తేజేష్ ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. చిట్టి ఎత్తినవాళ్లు మిగతా నెలలు కట్టకుండా పోతే ఎలా అని లక్ష్మీనర్సమ్మ జామీను అడుగుతుంది. ఊళ్లో తెలిసినవాళ్లు ఒకరు సంతకం పెట్టాలి. అతనిది తణుకు దగ్గర పల్లెటూరు. హైదరాబాద్ వచ్చి రెండేళ్లే. ఆఫీసు స్నేహితులు బిర్యానీకి వస్తారు గానీ సంతకానికి రారని అతనికి ఆ గుమ్మం దగ్గరే తెలిసింది.

ఏం కొనడానికి ఇంత తొందర అని ఆమె అడిగింది. కొనడానికి కాదండి, కొన్నవాటికి అన్నాడు. రెండు క్రెడిట్ కార్డులట. నెలనెలా మినిమమ్ డ్యూ కట్టుకుంటూ పోతే, కట్టిందంతా వడ్డీకే పోయి అసలు అలాగే ఉందట. చిట్టి డబ్బుతో రెండూ మూసేద్దామని వచ్చాడట.

"మరి నలభైకాడ ఆపాలె గదా," అంది విజయశ్రీ.

"మీరు ఆపుతారనుకున్నానండి."

ఆ మాట చల్లగా వచ్చి ఆమెకు ఎక్కడో తగిలింది. ఒక ఆంటీ పిలుపుకు ఇంత ఖరీదు కట్టించిందా తను? అతను మళ్లీ ఫోన్ చెవికి పెట్టుకుంటుంటే, ఆమె వెనక్కి మేడెక్కి వెళ్లి, పదకొండో నంబరు సభ్యుడైన తేజేష్‌కు జామీనుగా సంతకం పెట్టి వచ్చింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

సంతకం పెట్టాక ఆమెకు భయం పట్టుకుంది. భయపడితే విజయశ్రీ ఊరికే కూర్చునే మనిషి కాదు. జీతం పడిన రోజే తేజేష్ అద్దె, చిట్టి, తణుకు పంపేది పక్కన పెట్టాలంది. మిగిలినదాన్ని నాలుగు వారాలకు నాలుగు ముక్కలు చేసి, వారానికి ఒక్క ముక్కే ముట్టుకోవాలంది. కార్డులు రెండూ తన కళ్ల ముందే కత్తిరించాలంది. జాకెట్ల కత్తెర ఎంత పదునుగా ఉంటుందో అతను అప్పుడే చూశాడు. ఆదివారం ఆదివారం దుకాణానికి వచ్చి ఖర్చులు ఒప్పజెప్పాలన్నది ఆఖరి షరతు.

అతను బుద్ధిమంతుడిలా వచ్చేవాడు. పెంటయ్య, అంటే విజయశ్రీ తండ్రి, అది చూసి చెల్లెలి పెళ్లికి జాకెట్లు కుట్టించుకుంటున్నాడు కాబోలు అనుకున్నాడు. తేజేష్‌కు చెల్లెలే లేదు.

ఒక వారం చికెన్ పకోడీ లెక్క బయటపడింది. నా జామీను మీద పకోడీలు తింటున్నవా అని ఆమె నిలదీసింది. అతను తలొంచుకుని, సగం పొట్లం ఆమె ముందుకు జరిపాడు. సాక్ష్యం ఇంట్లో ఉండకూడదని ఆమె తినేసింది.

ఇంకో వారం అతనే ఆమెను పట్టుకున్నాడు. చెవులకు కొత్త బుట్టలు. మిషన్ అప్పు ఉన్న మనిషి బుట్టలు ఎలా కొంటుందని అడిగాడు.

"ఇవి కొనుడు గాదు. డిజైన్ కోసం తెచ్చిన. జాకెట్ మీద ఇదే పువ్వు ఎయ్యాలె."

"చెవులకు పెట్టుకుంటేనే కనబడుతుందాండి పువ్వు?"

"అద్దంలో కనబడ్తది."

"నాక్కూడా కనబడుతోందండి," అన్నాడు.

ఆ తర్వాత ఆమె వేస్తున్న కుట్టు రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ విప్పుకుంది. అతను వెళ్లాక కూడా అద్దం వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

వానాకాలం వచ్చేసరికి కార్డుల బాధ తీరిపోయింది. చిట్టి వాయిదాలు కడుతూ పోవడమే మిగిలింది. అంతా గాడిన పడింది అనుకుంటుండగా తేజేష్ కంపెనీ ఆ నెల జీతాలు ఆపేసింది. రేపు, మాపు అంటోందని శుక్రవారం సాయంత్రం అతను ఫోన్ చేసి చెప్పాడు. ఫికర్ జెయ్యకు, సూద్దాం అందామె.

శనివారం పొద్దున అతని ఫోన్ స్విచాఫ్. సాయంత్రమూ అంతే. ఒక కస్టమర్‌కు జాకెట్ ఇచ్చి వస్తానని ఇంట్లో చెప్పి విజయశ్రీ నాచారం వెళ్లి అతని గది చూసి వచ్చింది. తాళం వేసి ఉంది.

ఆదివారం పొద్దున లక్ష్మీనర్సమ్మ ఫోన్ చేసేసరికి విజయశ్రీ స్నానానికి వెళ్లింది. ఫోన్ పెంటయ్య ఎత్తాడు. పదకొండో నంబరువాళ్లది ఇంకా అందలేదు, పాట సాయంత్రమే, జామీను నీ బిడ్డే గదా, జర చెప్పు అని ఆమె మామూలుగానే చెప్పి పెట్టేసింది.

విజయశ్రీ తల తుడుచుకుంటూ వచ్చేసరికి పెంటయ్య మంచం మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఒకప్పుడు బోడుప్పల్‌లో ఎకరం పొలం ఉండేది. మొగిలయ్య అనే దోస్తుకు జామీను ఉండి, అతను చెప్పకుండా ఊరు విడిస్తే, అప్పు కింద ఆ ఎకరం అమ్ముకున్నాడు. ఇప్పుడు అక్కడ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు. బస్సులో అటు వెళ్లాల్సి వస్తే ఇప్పటికీ రెండోవైపు కిటికీ దగ్గర కూర్చుంటాడు.

ఆయన అరవలేదు. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణకలేదా బిడ్డా అని మాత్రం అడిగాడు.

"వణకలేదు నాయినా," అంది విజయశ్రీ. "అప్పుడు తెలివి తక్కువై పెట్టిన. ఇప్పుడడిగినా వణకదు. అదే నాకు భయమైతుంది."

పెంటయ్య కూతురి ముఖంలోకి కాసేపు చూశాడు. ఆ పిలగానికి చెల్లెలు లేదన్న సంగతి ఆయనకు అప్పుడే అర్థమైనట్టుంది. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

విజయశ్రీ జరీ, పూసలు కొనడానికి దాచుకున్న డబ్బు తీసింది. తన వాయిదా అప్పటికే కట్టేసింది. ఇప్పుడు అతనిది కూడా మధ్యాహ్నమే లక్ష్మీనర్సమ్మ చేతిలో పెట్టి, ఎవరికీ చెప్పొద్దంది. కోపం మాత్రం గొంతు దాకా ఉంది. దొరకనీ, బూట్లతో సహా నమిలేస్తాననుకుంది. దొరకకపోతే ఏమిటన్నది ఆలోచించడానికి ధైర్యం చాలలేదు.

సాయంత్రం పాట సగంలో ఉండగా తేజేష్ మెట్లెక్కి వచ్చాడు. చొక్కా నిండా సిమెంటు దుమ్ము, మోచేతి మీద గీరుకుపోయిన గాయం. సూటిగా లక్ష్మీనర్సమ్మ దగ్గరికి వెళ్లి, ఆలస్యానికి క్షమించమని నోట్లు చేతికిచ్చాడు.

లక్ష్మీనర్సమ్మ ఆ నోట్లు చూసింది. విజయశ్రీని చూసింది. ఆమె వద్దు వద్దని కళ్లతో బతిమాలుతోంది. కానీ ఇన్నేళ్లుగా చిట్టీలు నడిపిన మనిషికి ఇలాంటి సరదా ఎన్నిసార్లు దొరుకుతుంది?

"పదకొండో నంబరుకు ఈ నెల ఇద్దరు కట్టిన్రు," అందామె అందరికీ వినబడేలా. "ఒకటేమో ఆయిన కట్టిండు. ఇంకోటి ఈమె కట్టింది. మరి వీళ్లిద్దరు ఏమైతరని నేను రాసుకోవాలె?"

మేడంతా గొల్లుమంది. చిదంబరంగారు రాసుకోవడానికి పెన్ను కూడా అందించారు. విజయశ్రీ చెప్పులు సరిగా వేసుకోకుండానే మెట్లు దిగేసింది.

వీధి మలుపు తిరిగేసరికి వాన అందుకుంది. మూసి ఉన్న ఒక కిరాణా కొట్టు రేకు కిందికి ఆమె పరుగెత్తింది. వెనకే అతనూ వచ్చాడు. రేకు చిన్నది. అతని భుజం సగం వానలోనే ఉంది. లోపలికి జరగమని ఆమె అనలేదు. కోపం ఇంకా తగ్గలేదు మరి.

ఏమైపోయినవని అడిగింది. అతను ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. జీతం రాదని తెలిశాక శుక్రవారం రాత్రే ఫోన్ అమ్మేశాడు. అది సరిపోలేదు. బోడుప్పల్‌లో కొత్త అపార్ట్‌మెంట్‌కు సీసీ కెమెరాలు బిగించే పని దొరికితే రెండు రోజులూ అక్కడే ఉండి చేశాడు. పక్కవాళ్ల ఫోన్ నుంచి చేద్దామంటే ఆమె నంబరు నోటికి రాదు.

"దుకాణం బోర్డు మీద పెద్దగ రాసి ఉంటది నంబరు."

"బోర్డు చదవడానికి ఎప్పుడైనా టైమిచ్చారాండి? వచ్చిన దగ్గర్నుంచి మిమ్మల్ని చూడటమే సరిపోయేది."

వాన రేకు మీద దబదబా కొడుతోంది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, పారిపోయినవనుకున్నా అంది. అనుకుని కూడా డబ్బు ఎందుకు కట్టారని అతను అడిగాడు.

"జామీనున్న గదా."

"అంతేనా?"

ఆమె అతని చొక్కా అంచు పట్టుకుని రేకు కిందికి లాగింది. కాసేపటి వరకు ఇద్దరికీ చోటు సరిపోయింది.

వాన తగ్గాక తేజేష్ ఆ తడి బట్టలతోనే పిల్లను అడగడానికి ఉప్పల్ వచ్చాడు. రేపు రావచ్చని ఆమె చెప్పింది గానీ, రేపటికి ఈ ధైర్యం ఉంటుందో లేదో అన్నాడు. పెంటయ్య అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చి, అప్పెంత ఉన్నదని అడిగాడు. తేజేష్ ఏదీ దాచకుండా చెప్పాడు. చిట్టిలో ఎంత నష్టపోయాడో కూడా చెప్పాడు. ఎవరి వల్ల అన్నది మాత్రం మింగేశాడు. విజయశ్రీ తలుపు వెనక నుంచి అది గమనించి, తనే ముందుకొచ్చి ఒప్పుకుంది.

పెంటయ్య అతని చేతిలోంచి తడి తువ్వాలు తీసుకుని దండెం మీద ఆరేశాడు. ఆ తర్వాత, అప్పు కట్టలేక నా దోస్తు ఊరు విడిచిండు, జీతం అందకున్నా నువ్వు ఫోను అమ్ముకొని కట్టినవు అన్నాడు నెమ్మదిగా.

"గని ఒక్కటి ఇను పిలగా. నీ అప్పు, దీని అప్పు తీరినంకనే పెండ్లి. పెండ్లికని మళ్ల ఒక్క రూపాయి అప్పు జేసినా పిల్లనియ్య."

తేజేష్ ఒప్పుకుని కాళ్లకు దండం పెట్టాడు. మీ అమ్మానాన్నలను ఒకపాలి రమ్మను, టికెట్లు మాత్రం నీ జీతం వచ్చినంకనే కొను అని పెంటయ్య వెనక నుంచి హెచ్చరించాడు.

అతన్ని సాగనంపడానికి విజయశ్రీ రింగ్ రోడ్డు దాకా నడిచింది. ఎంత కాలం ఆగాలని అతను దిగులుగా అడిగాడు. వచ్చే నెల తను చిట్టి ఎత్తితే మిషన్ అప్పు పోతుంది, నువ్వు పకోడీలు బంద్ జేస్తే ఇంకా తొందరగా అయితది అందామె. ఈసారి పాటలో ఆమె మీద ఎవరూ పోటీ పడకుండా చూసే పూచీ తనదన్నాడు. అవసరమైతే చిదంబరంగారికి రోజూ టీ పోస్తాడట.

షేర్ ఆటో వచ్చి ఆగింది. తేజేష్ ఎక్కి కూర్చుని చెయ్యి ఊపాడు. డ్రైవర్ వెనక్కి తిరిగి, ఒక్కరేనా అని అడిగాడు.

విజయశ్రీకి నాచారంలో ఏ పనీ లేదు. వెళ్తే మళ్లీ వెనక్కి రావాలి, అదో చార్జీ.

"ఇద్దరం," అని ఎక్కి అతని పక్కన కూర్చుంది.