పాత తేదీ రొట్టెలు

ఆ ఉదయం డిటెక్టివ్ గదిలోకి వచ్చినావిడ కూర్చోమన్నా కూర్చోలేదు. మణికట్టు దగ్గర పిండి మరక, మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో ఉన్న రొట్టె ప్యాకెట్టును బల్ల మీద పెట్టి, లేబుల్ ఉన్న వైపు తిప్పింది.

"నా బుర్ర పాడవుతోందో లేదో మీరు కనుక్కోవాలి మేడమ్," అంది.

రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది. లేబుల్ మీద తయారైన తేదీ మాత్రం పదిహేనేళ్ళ కిందటి జనవరి ఒకటి.

డిటెక్టివ్‌ను ఆ పేటలో అందరూ 'పట్టకారు' అంటారు. పట్టుకుంటే వదలదు కాబట్టి వచ్చిన పేరది. ఆమెకు సహాయకుడు ఒకాయన ఉన్నాడు. ఆమె తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందని మురిసిపోయే మనిషి, అందుకని ఆయన్ను 'భజన' అంటారు. ఆ పేరంటే ఆయనకు కోపం కూడా లేదు. ఆయన ఆ ప్యాకెట్టు చూసి నవ్వబోయాడు. వచ్చినావిడ కళ్ళు చూసి ఊరుకున్నాడు.

ఆవిడది మూల మీద బేకరీ. ఊళ్ళో పిల్లలూ పెద్దలూ 'బేకరీ అక్క' అంటారు. పెళ్ళి పెటాకులూ లేకుండా ఆ షాపును నిలబెట్టి, తమ్ముణ్ణి చదివించి, వాడికి పెళ్ళి చేసి, పొయ్యి పని వాడి చేతికిచ్చింది. లేబుళ్ళు మాత్రం తనే వేస్తుంది. దానికో పాత కంప్యూటర్ ఉంది. ఇంటర్నెట్ లేదు, సందడి లేదు, తేదీ, బరువు అచ్చు వేయడం తప్ప దానికి ఇంకో పని లేదు.

ఆ కంప్యూటర్ ఒక్కోరోజు ఇలా వెర్రి తేదీ చూపిస్తోందట. సరిచేస్తే రెండు రోజులు బాగానే ఉండి మళ్ళీ మొదటికొస్తోందట. ఎందుకిలా అవుతోందని తమ్ముణ్ణడిగితే, సాయంత్రం నువ్వే ఏదో నొక్కి మారుస్తున్నావక్కా, నేను కళ్ళారా చూశానన్నాడట. రిపేర్లు చేసే స్క్రూల బాబాయికి చూపిస్తే మెషీన్‌లో ఏ లోపమూ లేదన్నాడట. మొన్న పని తొందరలో ఆవిడ తేదీ చూసుకోలేదు. ఆసుపత్రికి వెళ్ళిన రొట్టెలన్నీ పాత తేదీతో తిరిగొచ్చాయి. వీధి వీధంతా నోరు నొక్కుకుంది.

"మా అమ్మ కూడా ఇలాగే మొదలైంది," అంది ఆవిడ. "ముందు తేదీలు మర్చిపోయింది. తర్వాత మనుషుల్ని. ఆఖర్న నన్ను చూసి, ఎవరమ్మా నువ్వు, ఎవరింటికొచ్చావని అడిగింది. ఈ ఆదివారం షాపు తాళాలు తమ్ముడికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. నేను చేసే రొట్టె తిని ఎవరికన్నా ఏదన్నా అయితే?"

పట్టకారు ఓదార్చలేదు. ఓదార్చడం ఆమెకు రాదు. కంప్యూటర్ సంగతి కాక, మరిచిపోయినట్టు అనుమానం వచ్చిన సంగతులు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. ఒకటుందని ఆవిడ సిగ్గుపడుతూ చెప్పింది. ఈస్టు తూచే చిన్న కాటా పాడైందని ఆవిడకు బాగా గుర్తు. అంకెలు రావడం మానేసింది. తమ్ముడేమో అది ఎప్పుడూ పాడవలేదంటాడు. చూస్తే నిజంగానే పనిచేస్తోంది.

"కంప్యూటర్ పొద్దున్నే ఆన్ చేసేదెవరు?"

"తమ్ముడే. రాత్రి కట్టేసేదీ వాడే, తెల్లారగట్ల తెరిచేదీ వాడే. నేనొచ్చేసరికి పొయ్యి రాజేసి, కంప్యూటర్ వేసి పెడతాడు. బంగారం మేడమ్ వాడు."

"స్క్రూల బాబాయి వచ్చి చూసినప్పుడు మీరు అక్కడే ఉన్నారా?"

లేదు. తమ్ముడు చెప్పాడు.

ఆవిడ వెళ్ళాక పట్టకారు ఆ రొట్టెను చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఆమెకు కోపం వస్తోందని భజనకు అర్థమైంది, ఎవరి మీదో అర్థం కాలేదు. మీకెవరి మీదన్నా అనుమానమా అని అడిగాడు.

"ఆవిడ చెప్పినదాంట్లో 'అట'లు లెక్కపెట్టావా? లోపం లేదన్నాడట, నేను నొక్కానట. ఒక మనిషికి మతి పోయిందని వీధంతా క్షణంలో నమ్మేసింది. డబ్బా మూత తీసి చూడ్డానికి మాత్రం ఒక్కడికీ తీరిక లేదు."

నిజమే మరి. పాత కంప్యూటర్ మొరాయిస్తే దుమ్ము దులుపుతారు, వైర్లు లాగి చూస్తారు, ఒక దెబ్బైనా వేసి చూస్తారు. యాభై దాటిన ఆడమనిషి తడబడితే మాత్రం ఇంకేమీ వెతకరు. వయసైపోయిందంటారు, అక్కడితో సరి.

మధ్యాహ్నం ఇద్దరూ బేకరీకి వెళ్ళారు. తలుపు పైన ఆవిడ తండ్రి కాలం నాటి చెక్క పలక ఉంది, 'ఇక్కడ ఏదీ పారేయం' అని. ఆ మాట మీదే ఆ షాపు నడుస్తోంది. మిగిలిన రొట్టె పొడి అవుతుంది, పొడి మర్నాడు ఇంకో తినుబండారం మీదకెక్కుతుంది, పిండి సంచీలు చేతిగుడ్డలవుతాయి.

తమ్ముడు ఎదురొచ్చి కుర్చీలు వేశాడు. మెత్తటి మనిషి, మెత్తటి మాట. అక్క నాకు అమ్మ తర్వాత అమ్మ అన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. మాట్లాడుతూనే పొయ్యి పక్కనున్న చిన్న కాటా మీద ఈస్టు తూచుకున్నాడు. ఒక్క పలుకు కింద పడితే వేలికొసతో అద్ది మళ్ళీ గిన్నెలో వేశాడు.

అతని భార్య తీరు వేరు. కస్సుమంటూ వచ్చింది, ఎదురింట్లో దొంగలు పడ్డా మా ఇంట్లోనే వెతుకుతారా అంది. భజన ఆమెను చూసి అప్పుడే కేసు తేల్చేసుకున్నాడు. మీ వదినకు మతిమరుపు వచ్చిందా అని పట్టకారు అడిగితే ఆమె మూతి తిప్పింది.

"వదినకా మతిమరుపు? నేను కాపురానికొచ్చిన కొత్తలో అన్న మాటని మొన్న అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆవిడకి మరుపొస్తే నేను హాయిగా బతుకుదును."

పట్టకారు మొదటిసారి నవ్వింది.

తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుంది. పాత మెషీన్‌ను ఆమె చూసే పద్ధతి వైద్యుడు రోగిని చూసినట్టుంటుంది. ముందు ముట్టుకోదు. ఫ్యాన్ చప్పుడు విన్నది, ఎక్కడైనా కాలిన వాసన వస్తోందా చూసింది, వెనక వైర్లన్నీ బిగువుగా ఉన్నాయో లేదో చూసింది. మామూలుగా ఆపి మళ్ళీ వేసింది. తేదీ సరిగ్గానే ఉంది. మళ్ళీ ఆపి, ఈసారి గోడ స్విచ్ కట్టేసి, పక్కనున్న రెండు స్క్రూలు విప్పి డబ్బా మూత తీసింది.

లోపల దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. ఫ్యాను అంచున ఎర్రటి చుక్క, ఒత్తి వేసిన రంగు. మెమరీ పలక మీద కూడా అలాంటిదే ఇంకో ఎర్ర చుక్క. కింది మూలన చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద గుండ్రటి బ్యాటరీ ఉంది. దాని మీద చుక్క లేదు. దాని చుట్టూ దుమ్ము కూడా లేదు, ఎవరో వేలితో తుడిచినట్టుంది. ఆ తుడిచిన చోట తెల్లటి పిండి సన్నగా అంటుకుని ఉంది.

భజన ఏదో అనబోతే పట్టకారు కళ్ళతోనే ఆపింది. మూత పెట్టేసి, రేపు షాపు మధ్యాహ్నం కాసేపు మూసి అందరూ ఉండాలని చెప్పింది. దారిలో స్క్రూల బాబాయి కొట్టుకు వెళ్ళి, ఆ ఎర్ర చుక్కలేమిటని అడిగింది. గోళ్ళ రంగు అన్నాడాయన. నా సామాను నువ్వే మార్చేశావని ఎప్పుడో ఎవరో నింద వేశారట. అప్పట్నించీ తాను వేసిన ప్రతి ముక్క మీదా చుక్క పెడతాడు. పోయినేడు అక్క కంప్యూటర్‌లో ఫ్యాన్, మెమరీ, చిన్న బ్యాటరీ, మూడూ ఒకేసారి కొత్తవి వేశానని చెప్పాడు. రేపు మీరూ రావాలి అంది పట్టకారు.

మర్నాడు పిండి బల్ల చుట్టూ అందరూ నిలబడ్డారు. అక్క చేతిలో తాళాల గుత్తి ఉంది. ఏమైనా సరే, ఆదివారం దాకా ఆగకుండా ఈ రోజే ఇచ్చేద్దామని తెచ్చుకుంది. తమ్ముడు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ చెయ్యి చూసేసరికి పట్టకారు దవడ బిగుసుకుంది.

"ముందు మీ అందరికీ ఒకటి చూపిస్తాను," అంది.

పొద్దున అక్క తేదీ సరిచేసిన కంప్యూటర్‌ను మామూలుగా ఆపి, గోడ స్విచ్ వేసే ఉంచి, మళ్ళీ ఆన్ చేసింది. తేదీ ఈ రోజుదే. ఈసారి ఆపి, గోడ స్విచ్ కూడా కట్టేసింది. మళ్ళీ వేసింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలొచ్చి ఆగిపోయాయి. గడియారం పోయింది, ముందుకు వెళ్ళాలంటే ఒక మీట నొక్కమని మెషీన్ అడుగుతోంది. పట్టకారు నొక్కింది. తేదీ పదిహేనేళ్ళ కిందటి జనవరి ఒకటి.

అక్క నోటి నుంచి చిన్న శబ్దం వచ్చింది.

పట్టకారు నిదానంగా విడమరిచి చెప్పింది. గోడ నుంచి కరెంటు అందుతున్నంతసేపూ, ఆపేసి ఉన్నా సరే, మెషీన్ టైము గుర్తుపెట్టుకుంటుంది. కరెంటు లేనప్పుడు గుర్తుపెట్టుకునేది ఆ చిన్న బ్యాటరీ. అది చచ్చిపోతే, గోడ స్విచ్ కట్టేసిన ప్రతి రాత్రీ మెషీన్ తను పుట్టిన నాటికి వెళ్ళిపోతుంది. కట్టని రాత్రి వెళ్ళదు. అందుకే ఒక్కోరోజే తప్పు తేదీ వచ్చేది. మతి తప్పింది మెషీన్‌కి, మనిషికి కాదు.

"రాత్రి స్విచ్ కట్టేసేది మీరు," అంది తమ్ముడి వైపు తిరిగి. "పొద్దున్నే ఆన్ చేసేదీ మీరు. అంటే తప్పు తేదీ వచ్చిన ప్రతి పొద్దునా ఈ నల్ల తెరను ముందు చూసింది మీరే. మీట నొక్కి, దాన్ని దాటించి, ఏమీ ఎరగనట్టు అక్క కోసం కుర్చీ తుడిచిపెట్టారు. ఒక్కసారైనా చెప్పారా?"

అతను తనకు కంప్యూటర్లు తెలియవన్నాడు. తెలియకే బాబాయిని పిలిపించానన్నాడు.

"నన్నెవరూ పిలవలేదు బాబూ," అన్నాడు స్క్రూల బాబాయి. "పిలిస్తే తేదీ తప్పుతోందన్న మాటకే బ్యాటరీ చూసుందును."

మరదలు మొగుడి మొహంలోకి చూసింది. ఆమె కస్సుబుస్సులన్నీ ఎక్కడికో పోయాయి.

"బ్యాటరీ పాతబడి చచ్చిపోయి ఉండొచ్చు కదా," అన్నాడు అతను.

"ఉండొచ్చు. కానీ బాబాయి వేసిన దాని మీద ఎర్ర చుక్క ఉండాలి. ఇందులో ఉన్నదానికి లేదు. ఎవరో మంచిది తీసి చచ్చినది పెట్టారు. వేరే ఎవరైనా అయితే ఆ మంచిదాన్ని కాలవలో పారేసేవారు, నేనెప్పటికీ పట్టుకోలేకపోయేదాన్ని." పట్టకారు తలుపు పైన పలక వైపు చూసింది. "కానీ ఈ ఇంట్లో పుట్టినవాళ్ళు ఏదీ పారేయరు."

ఆమె పొయ్యి దగ్గరకు నడిచి ఈస్టు కాటా తెచ్చింది. బల్ల మీద బోర్లించి, వెనక చిన్న మూత తీసింది. అందులోంచి జారిపడ్డ గుండ్రటి బ్యాటరీ మీద ఎర్ర చుక్క మెరిసింది.

"కాటా నిజంగానే పాడైందమ్మా. మీకు గుర్తున్నది గుర్తున్నట్టే జరిగింది. దాని చచ్చిన బ్యాటరీ కంప్యూటర్‌లోకి పోయింది, కంప్యూటర్‌లోది దీంట్లోకొచ్చింది. మిమ్మల్ని పిచ్చిదాన్ని చెయ్యడానికి ఈయనకి కొత్తగా ఏ ఖర్చూ కాలేదు."

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు వణికింది. ఆమె గొంతు వణకడం భజన ఇన్నేళ్ళలో వినలేదు. దొంగతనాలు చూశారు, మోసాలు చూశారు. కన్నతల్లి జబ్బును తీసుకొచ్చి, ఆ తల్లికి సేవ చేసిన మనిషి మీదే గురిపెట్టినవాణ్ణి చూడలేదు. ఛీ, ఇదీ ఒక తెలివేనా అనుకున్నాడు. ముందురోజు తమ్ముడి భార్యను అనుమానించినందుకు తలెత్తి ఆమె వైపు చూడలేకపోయాడు.

తమ్ముడు కూలబడ్డాడు. ఎన్నాళ్ళు నీ చేతి కింద పనివాడిలా ఉండను, అడిగితే ఇవ్వవనుకున్నాను అని ఏడ్చాడు. ఈసారి కన్నీళ్ళు నిజమైనవే, కానీ ఎవరూ తుడవలేదు.

"అడగలేదు కదరా నువ్వు," అంది అక్క. "అడిగుంటే ఇచ్చేదాన్ని."

ఇది మర్చిపో అక్కా, క్షమించు అని అతను ఆవిడ కాళ్ళు పట్టుకోబోయాడు. ఆవిడ వెనక్కి జరిగింది.

"ఇన్ని రోజులూ దేన్నీ మర్చిపోకూడదని చచ్చేంత భయపడ్డాను. ఇప్పుడు మొదటిసారి మర్చిపోగలిగితే బాగుండనిపిస్తోంది. కుదరదురా. నాకు మరుపు లేదని ఇప్పుడే రుజువైంది కదా."

అక్క తాళాల గుత్తిలోంచి పొయ్యి గది తాళంచెవి విప్పి, పిండి బల్ల మీదుగా మరదలి వైపు జరిపింది. రేపట్నించి పొయ్యి నువ్వు చూడు, నీ నోరు మంచిది కాదు కానీ అది చెప్పేది నిజం అంది. మరదలు కొంతసేపు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత తీసుకుని, గుప్పిట మూసి, ఏడ్చింది.

స్క్రూల బాబాయి ఎర్ర చుక్క బ్యాటరీని కంప్యూటర్‌లో దాని చోట పెట్టి మూత బిగించాడు. మెషీన్ మళ్ళీ తేదీ అడిగింది. గోడ మీద క్యాలెండర్ ఉంది, అక్క అటు చూడలేదు. రోజు, నెల, సంవత్సరం తడుముకోకుండా కొట్టింది.

భజన తన చేతి గడియారంలో తేదీ చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది.